లేత్ మీద జాబ్ సరిగ్గా రావడం లేదా? గుర్తును బట్టి కారణం పట్టుకోండి

ఇంటి షెడ్డులో లేత్ (లోహపు రాడ్‌ను తిప్పుతూ టూల్‌తో కోసే మిషన్) పెట్టుకునేవాళ్లలో చాలామంది సెకండ్ హ్యాండ్ మిషనే కొంటారు. అది రాజ్‌కోట్‌లోనో బటాలాలోనో తయారై, ఏ ఆటోనగర్ షాపులోనో ఏళ్ల తరబడి పనిచేసిన బెల్టు లేత్ అయి ఉంటుంది. లేదంటే టేబుల్ మీద పట్టే చైనా మినీ లేత్ అయి ఉంటుంది. మిషన్లు వేరైనా మొదట్లో ఎదురయ్యే తిప్పలు దాదాపు ఒకటే. ఫినిష్ గరుకుగా వస్తుంది, జాబ్ (కోస్తున్న ముక్క) ఒక చివర లావు ఒక చివర సన్నం అవుతుంది, పార్టింగ్ చేస్తుంటే (జాబ్‌ని అడ్డంగా తెంపుతుంటే) టూల్ విరుగుతుంది. అప్పుడు అనుమానం నేరుగా మిషన్ మీదికే పోతుంది. స్పానర్ తీసుకుని హెడ్‌స్టాక్ (జాబ్‌ని తిప్పే ఎడమవైపు భాగం) బోల్టులు విప్పేస్తారు. ఫ్యాక్టరీలో కుదిర్చిన అలైన్‌మెంట్ ఒకసారి కదిలితే, డయల్ గేజ్ (చిన్న కదలికను ముల్లుతో చూపే సాధనం), టెస్ట్ బార్ (సరిచూడటానికి వాడే సూటైన రాడ్) లేకుండా దాన్ని మళ్లీ దారిలో పెట్టడం చాలా కష్టం.

అందుకే ముందు టూల్ చూడండి. తర్వాత జాబ్‌కి ఉన్న పట్టు, ఆ తర్వాత స్లైడ్లు (టూల్‌ను ముందుకూ పక్కకీ జరిపే భాగాలు) చూడండి. ఈ మూడూ బాగున్నాయని తేలాకే హెడ్‌స్టాక్ జోలికి వెళ్లాలి. ఒకసారికి ఒక్కటే మార్చి, చిన్న కట్ వేసి చూడాలి. రెండు మూడు కలిపి మార్చితే జబ్బు తగ్గినా ఏ మందుకు తగ్గిందో తెలియదు.

ఏది సరిచూడాలన్నా మెయిన్ స్విచ్ ఆపి చేయండి. చక్ (జాబ్‌ని పట్టుకునే భాగం) బిగించే కీ చేతిలో ఉండాలి, లేదా దాని చోట ఉండాలి. చక్‌లో మాత్రం ఒక్క క్షణం కూడా వదలకండి. గ్లవ్స్, మెడలో తువ్వాలు, వేలాడే చున్నీ లేత్ దగ్గర వద్దు. జుట్టు పొడుగైతే ముడివేసుకోండి. చిప్స్ చేత్తో లాగొద్దు, కొక్కెంతో లాగండి. రక్షణ కళ్లద్దాలు పెట్టుకున్నాకే మోటార్ ఆన్ చేయండి.

చాటరింగ్: గుయ్యిమని మోత, జాబ్ మీద అలల్లాంటి గీతలు

టూల్, జాబ్, స్లైడ్లలో ఏదో ఒకటి వంగుతూ తిరిగి వస్తూ ఊగుతోందని అర్థం. ముందు టూల్‌పోస్ట్ (టూల్ పట్టే దిమ్మ) నుంచి టూల్ ఎంత బయటికి ఉందో చూడండి. బయటికున్న పొడుగు రెండింతలైతే అదే ఒత్తిడికి టూల్ ఎనిమిది రెట్లు వంగుతుంది. పని జరిగేంత మేర ఉంచి మిగతాది లోపలికి నెట్టి బిగించండి.

తర్వాత జాబ్. చక్ ఒక్కటే పట్టుకున్నప్పుడు బయటికున్న పొడుగు వ్యాసానికి మూడింతలు దాటకుండా చూసుకోండి. అంటే 20 మి.మీ. రాడ్ 60 మి.మీ. దాకా పరవాలేదు. అంతకు మించితే చివర సెంటర్ డ్రిల్‌తో చిన్న గుంట వేసి, టెయిల్‌స్టాక్‌లోని (చక్‌కి ఎదురుగా కుడివైపు ఉండే భాగం) రివాల్వింగ్ సెంటర్ (జాబ్‌తో పాటు తిరిగే మొన) ఆనించండి. సన్నటి రాడ్ల విషయంలో మరీ జాగ్రత్త. అంతే పొడుగులో లావు సగమైతే వంపు పదహారు రెట్లవుతుంది.

అప్పటికీ మోత తగ్గకపోతే స్పీడ్ తగ్గించి ఫీడ్ (టూల్ జరిగే వేగం) కొంచెం పెంచండి. చాలామంది భయపడి ఫీడ్ తగ్గిస్తారు. అలా చేస్తే టూల్ కోయడం మానేసి రుద్దుతుంది, మోత ఇంకా పెరుగుతుంది. టూల్ ముక్కు గుండ్రం పెద్దదైనా ఇదే జరుగుతుంది. చిన్న మిషన్‌కి 0.4 మి.మీ. రేడియస్ చాలు, 0.8 ఎక్కువే.

ఇక స్లైడ్లు. టూల్‌పోస్ట్‌ని రెండు చేతులతో పట్టుకుని ఊపండి. చేతికి కదలిక తెలిసిందంటే గిబ్ (స్లైడ్ సందును సర్దే పట్టీ) లూజుగా ఉంది. లాక్ నట్లు వదులు చేసి, స్క్రూలను ఒక చివర నుంచి వరసగా కొద్దికొద్దిగా బిగించండి. హ్యాండిల్ తిప్పితే కాస్త బరువుగా, మొత్తం దూరం ఒకేలా నడవాలి. ఒక దగ్గర తేలిగ్గా, మరో దగ్గర బిగుసుకుపోయి ఉంటే స్లైడ్ మధ్యలో అరిగింది. ఎక్కువ పని జరిగే చోటును బట్టి బిగించి సర్దుకోవాలి. ఆ కట్‌కి అవసరం లేని స్లైడ్‌ను లాక్ చేయడం మంచి అలవాటు. కాంపౌండ్ (టూల్‌పోస్ట్ కింద ఉండే పై స్లైడ్) వాడనప్పుడు దాన్ని బిగించేస్తే సగం ఊపు అక్కడే పోతుంది.

టేపర్: ఒక చివర లావు, ఒక చివర సన్నం

నా దృష్టిలో ఓపిగ్గా చూడాల్సిన జబ్బు ఇది. చూడటానికి ఒకేలా ఉన్నా కారణాలు మూడు నాలుగు ఉన్నాయి. ముందు ఒక ప్రశ్న వేసుకోండి: జాబ్‌కి టెయిల్‌స్టాక్ సెంటర్ ఆనించారా, లేదా?

ఆనించి ఉంటే మొదటి అనుమానం టెయిల్‌స్టాక్ మీదే. సెంటర్ వైపు జాబ్ లావుగా వచ్చిందంటే టెయిల్‌స్టాక్ మీ నుంచి అవతలికి జరిగి ఉంది. సన్నగా వస్తే మీ వైపుకి జరిగి ఉంది. కింద ఉన్న సెట్ స్క్రూలతో దాన్ని పక్కకి జరపాలి. జాబ్ రెండు చివర్లలో కొలిచిన వ్యాసాల తేడాలో సగం జరిపితే సరిపోతుంది. తేడా 0.10 మి.మీ. ఉంటే జరపాల్సింది 0.05. ఇంత చిన్న కదలిక కంటికి తెలియదు కాబట్టి టెయిల్‌స్టాక్ పక్కన డయల్ గేజ్ ఆనించి జరపండి. బోల్టు బిగించాక మళ్లీ గేజ్ చూడండి, బిగింపులో కదిలిపోవడం మామూలే.

చక్ ఒక్కటే పట్టుకున్నప్పుడు చివర లావుగా వస్తే, అది చాలాసార్లు జాబ్ వంగడమే. టూల్ నెడుతుంటే చివర తప్పుకుంటుంది, అక్కడ తక్కువ కోస్తుంది. జాబ్‌ని చక్‌లోకి ఇంకా నెట్టి, పదునైన టూల్‌తో చిన్న కట్ వేసి చూడండి. టేపర్ పోతే మిషన్ తప్పేం లేదు.

పోకపోతే రెండు కాలర్ల పరీక్ష చేయాలి. 32 మి.మీ. రాడ్‌ను చక్ నుంచి 120 మి.మీ. బయటికి పెట్టి (మూడింతలు దాటినా ఇక్కడ కట్ చిన్నదే కాబట్టి పరవాలేదు), మధ్య భాగాన్ని ఒకటి రెండు మి.మీ. తినేసి, రెండు చివర్లలో పది పది మి.మీ. వెడల్పు కాలర్లు (లావు పట్టీలు) మిగల్చండి. క్రాస్ స్లైడ్ (టూల్‌ను జాబ్‌లోకి నెట్టే స్లైడ్) డయల్ ముట్టుకోకుండా 0.1 మి.మీ. లోతుతో రెండు కాలర్లనూ ఒకే పాస్‌లో కోయండి. మైక్రోమీటర్‌తో కొలవండి. తేడా 0.02 లోపు ఉంటే ఇంటి పనికి నిశ్చింతగా సరిపోతుంది.

అంతకన్నా ఎక్కువ తేడా ఉంటే హెడ్‌స్టాక్ కన్నా ముందు బెడ్ (అన్ని భాగాలనూ మోసే పొడుగు పోత దిమ్మ) మెలిక చూడాలి. నేల ఎగుడుదిగుడుగా ఉండి నాలుగు కాళ్లూ గట్టిగా బిగిస్తే బెడ్ మెలి తిరుగుతుంది. పోత ఇనుము గట్టిదే అయినా ఆ మాత్రం తిరగడానికి వెనుకాడదు. చివరి కాలర్ లావుగా ఉంటే టెయిల్‌స్టాక్ వైపు ముందరి కాలు కింద పల్చటి ప్యాకింగ్ పెట్టి ఎత్తండి. అలా ఎత్తితే ఆ చివర టూల్ జాబ్ లోపలికి వాలుతుంది. చివరి కాలర్ సన్నగా ఉంటే అదే వైపు వెనక కాలు ఎత్తాలి. మళ్లీ అదే పరీక్ష చేసి చూడండి. మెలిక సర్దితే చాలా మిషన్లు ఇక్కడే దారికొస్తాయి.

రెండు చివర్లూ ఒకే సైజులో ఉండి మధ్యలో లావుగా వస్తే అలైన్‌మెంట్ సంగతి కాదు, పొడుగు జాబ్ నడుము వంగుతోంది. ట్రావెలింగ్ స్టెడీ (టూల్‌తో పాటు జరుగుతూ జాబ్‌కి ఆసరా ఇచ్చేది) పెట్టండి. అది లేకపోతే టూల్ పదును పెంచి, లోతు తగ్గించండి.

ఫినిష్ చిరిగినట్టు వస్తే

మామూలు ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) రాడ్ మెత్తటిది, జిగటది. టూల్ అంచుకి లోహం అతుక్కుని, ఆ ముద్దే జాబ్‌ని చీలుస్తుంది. టూల్ తీసి భూతద్దంతో చూస్తే కొన మీద మెరిసే ముద్ద కనబడుతుంది. హెచ్.ఎస్.ఎస్. (హై స్పీడ్ స్టీల్) టూల్ అయితే గ్రైండింగ్ తర్వాత ఆయిల్ స్టోన్‌తో అంచు రుద్దండి, పై వాలు పెంచండి, బ్రష్‌తో కటింగ్ ఆయిల్ రాయండి.

స్పీడ్ లెక్క సులువు: నిమిషానికి మీటర్లలో కటింగ్ స్పీడ్‌ను 320తో గుణించి, జాబ్ వ్యాసంతో భాగించాలి. హెచ్.ఎస్.ఎస్.తో ఎం.ఎస్.కి 28 మీటర్లు అనుకుంటే 25 మి.మీ. రాడ్‌కి సుమారు 360 ఆర్‌పీఎం. కార్బైడ్ (హెచ్.ఎస్.ఎస్. కన్నా గట్టి పదార్థం) టూల్‌కి దీనికి మూడింతలైనా కావాలి. కార్బైడ్‌ను నెమ్మదిగా తిప్పి ఫినిష్ రావడం లేదని బాధపడటం చాలా షెడ్లలో కనిపిస్తుంది.

ఇన్‌సర్ట్ (టూల్ కొనకు బిగించే కార్బైడ్ ముక్క) ఎంపికలో కూడా పొరపాటు జరుగుతుంది. పెద్ద మిషన్లలో వాడే సీఎన్‌ఎంజీ రకానికి బలమైన మోటార్, గట్టి మిషన్ కావాలి. చిన్న లేత్‌కి సీసీఎంటీ రకం తేలిగ్గా కోస్తుంది. అల్యూమినియం కోసం పదును పెట్టిన సీసీజీటీ ఇన్‌సర్ట్‌లు ఎం.ఎస్. మీద చివరి కట్‌కి కూడా చక్కగా పనిచేస్తాయి. ముక్కు రేడియస్ కన్నా మరీ తక్కువ లోతు కోస్తే ఇన్‌సర్ట్ రుద్దుతుంది కాబట్టి చివరి పాస్‌కి 0.2 మి.మీ. అయినా మిగల్చండి.

ఫేసింగ్ చేశాక మధ్యలో ముక్క మిగిలితే

ఫేసింగ్ అంటే జాబ్ చివర ముఖాన్ని చదును చేయడం. మధ్యలో ముక్క మిగిలిందంటే టూల్ కొన సెంటర్ ఎత్తులో లేదు. చిన్న స్తంభంలా నిలబడి ఉంటే టూల్ కిందికి ఉంది. రుద్దినట్టు మొద్దుగా, గోపురంలా ఉంటే పైకి ఉంది. మిషన్ ఆపి, గుండ్రటి జాబ్‌కీ టూల్ కొనకీ మధ్య పల్చటి స్టీల్ స్కేల్‌ను మెల్లగా నొక్కిపెట్టి చూడండి. స్కేల్ నిలువుగా నిలబడాలి. పై చివర మీ వైపు వాలితే టూల్ కింద ఉంది, ప్యాకింగ్ పెట్టి ఎత్తండి. అవతలికి వాలితే ప్యాకింగ్ తీయండి.

పార్టింగ్‌లో టూల్ పట్టేయడం, విరగడం

ఇక్కడ ఏ ఒక్కటి తప్పినా టూల్ విరుగుతుంది. బ్లేడ్ చక్ ముఖానికి సరిగ్గా సమాంతరంగా ఉండాలి, కొన సెంటర్‌లో ఉండాలి, బయటికున్న పొడుగు జాబ్ రేడియస్ కన్నా కొంచెమే ఎక్కువ ఉండాలి. కోసే చోటు చక్‌కి వీలైనంత దగ్గరగా ఉండాలి. క్యారేజ్ (బెడ్ మీద జరిగే భాగం) లాక్ చేయండి. టర్నింగ్ స్పీడ్‌లో సగానికి తగ్గించండి, ఆయిల్ పడుతూ ఉండాలి. ఫీడ్ ఆగకుండా ఒకే వేగంతో ఇవ్వండి, మధ్యలో ఆపితే రుద్ది గట్టిపడుతుంది. టెయిల్‌స్టాక్ సెంటర్ ఆనించిన జాబ్‌ని చివరిదాకా పార్టింగ్ చేయకండి. తెగే ముందు గాడి మూసుకుని బ్లేడ్‌ను బిగించేస్తుంది. కొంచెం మిగిల్చి, మిషన్ ఆపి హ్యాక్సాతో తెంపడమే క్షేమం.

సైజు తప్పడం, సెంటర్ తప్పడం

డయల్ మీద 0.1 తిప్పినా కోత పడకపోతే అది బ్యాక్‌లాష్ (స్క్రూ, నట్‌ల మధ్య వదులు). వెనక్కి ఒక సగం రౌండు తిప్పి, మళ్లీ ముందుకే వచ్చి ఆగండి. ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి. మీ డయల్ వ్యాసం చూపిస్తుందో రేడియస్ చూపిస్తుందో ముందే తేల్చుకోండి. బేరింగ్ కూర్చునే చోటు కోసేటప్పుడు జాబ్ చల్లారాక కొలవండి. 25 మి.మీ. స్టీల్ జాబ్ 40 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.01 మి.మీ. పెరుగుతుంది. వేడిలో సరిపోయింది చల్లారాక వదులవుతుంది.

త్రీ జా (మూడు దవడల) చక్‌లో జాబ్ తీసి మళ్లీ పెడితే 0.05 నుంచి 0.1 మి.మీ. దాకా తేడా రావడం మామూలే, అది జబ్బు కాదు. వీలైనంతవరకు అన్ని పనులూ ఒకే సెట్టింగ్‌లో ముగించండి. తిప్పి పెట్టక తప్పకపోతే ఫోర్ జా చక్, డయల్ గేజ్ కావాలి. తేడా హఠాత్తుగా పెరిగితే జాల మధ్య చిప్ ఇరుక్కుందేమో, విప్పి పెట్టినప్పుడు జాలు ఒకటి, రెండు, మూడు వరసలోనే పెట్టారో లేదో చూడండి.

మోటార్ గుర్రుమని తిరగకపోతే

సింగిల్ ఫేజ్ మోటార్ అయితే వెంటనే ఆపేయండి, వైండింగ్ కాలిపోతుంది. ఎక్కువసార్లు కెపాసిటర్ నీరసపడి ఉంటుంది. దానిలో కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి ఎలక్ట్రీషియన్‌తోనే మార్పించండి, పనిలో పనిగా ఎర్తింగ్ చూపించండి. వేసవి సాయంత్రాలు మాత్రమే ఈ ఇబ్బంది వస్తే వోల్టేజ్ కొలవండి.

హెడ్‌స్టాక్ బేరింగ్‌లు

పైవన్నీ సరిచూశాకే ఇక్కడికి రండి. చక్ వెనక స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) మీద డయల్ గేజ్ ఆనించి, చక్‌లో పట్టిన లావు రాడ్‌ను పైకి ఎత్తి వదలండి. ముల్లు 0.02 మి.మీ. కన్నా ఎక్కువ కదిలితే బేరింగ్‌లో లూజు ఉండొచ్చు. టేపర్ రోలర్ బేరింగ్‌లైతే వెనక నట్‌ను కొద్దిగా, అంటే గడియారంలో ఐదు నిమిషాలంత కూడా కాకుండా బిగించి, అరగంట ఖాళీగా తిప్పండి. హెడ్‌స్టాక్ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉండాలి. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే బిగింపు ఎక్కువైంది, వెంటనే వదులు చేయండి.