ఓపీ గదిలోంచే పరిశోధన: ఫ్యామిలీ మెడిసిన్ రెసిడెంటు థీసిస్‌ను ఎలా నడపాలి?

డీఎన్‌బీ (నేషనల్ బోర్డు ఇచ్చే పీజీ డిగ్రీ) ఫ్యామిలీ మెడిసిన్‌లో చేరిన కొద్ది నెలలకే థీసిస్ ప్రోటోకాల్, అంటే పరిశోధన ప్రణాళిక, ఇవ్వాల్సిన గడువు నెత్తిమీదికి వస్తుంది. అప్పుడు చాలామంది చేసే పని ఒక్కటే: సీనియర్ల థీసిస్‌ల జాబితా ముందేసుకుని, ఒక అంశాన్ని ఎంచుకుని, ఆసుపత్రి పేరు మార్చి రాసేయడం. పని గడుస్తుంది, డిగ్రీ కూడా వస్తుంది. కానీ పెద్దాసుపత్రి కార్డియాలజీ విభాగం అడగాల్సిన ప్రశ్నను వంద పడకల ఆసుపత్రిలో కూర్చుని అడిగితే కేసులు దొరకవు, పరీక్షలకు డబ్బు చాలదు, మూడో ఏడు వచ్చేసరికి ప్రాణం విసిగిపోతుంది. ఫ్యామిలీ డాక్టరు చేతిలో ఉన్న సరుకు వేరు. జబ్బు తొలి రోజుల్లో ఎలా కనిపిస్తుందో, మందు చీటీ ఇంటికి వెళ్లాక ఏమవుతుందో, ఒకే ఇంట్లో ముగ్గురికి ఒకే బాధ ఎందుకు వచ్చిందో స్పెషలిస్టు కంటే ముందు తెలిసేది ఆ డాక్టరుకే. ప్రశ్న అక్కడి నుంచి పుట్టాలి.

అలా పుట్టిన ప్రశ్నలు వైద్యాన్నే మార్చిన సందర్భాలున్నాయి. ఇంగ్లండ్‌లో ఐస్‌గార్త్ అనే పల్లెటూళ్లో ప్రాక్టీసు చేసిన విలియం పికిల్స్ తన రోగుల్లో ఎవరు ఎవరిని ఎప్పుడు కలిశారో రాసిపెట్టుకుని, అంటువ్యాధులు సోకిన ఎన్ని రోజులకు బయటపడతాయో లెక్కగట్టారు. పెద్ద నగరంలో ఆ పని అసాధ్యం. అందరికీ అందరూ తెలిసిన ఊరు కాబట్టే సాగింది. వేల్స్‌లోని బొగ్గుగనుల ఊరు గ్లిన్‌కోరుగ్‌లో జూలియన్ ట్యూడర్ హార్ట్ తన దగ్గరికి వచ్చినవారికే కాకుండా, తన జాబితాలో ఉన్న పెద్దవాళ్లందరికీ బీపీ చూడాలని పూనుకున్నారు. వైద్యం ఎక్కువ అవసరమైన చోటే తక్కువగా దొరుకుతుందని 1971లో లాన్సెట్ పత్రికలో ఆయన రాసిన మాటను నేటికీ ఉదహరిస్తారు. మన దేశంలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు మహారాష్ట్రలోని గడ్చిరోలి పల్లెల్లో ఊరి ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి ఇంటి దగ్గరే నవజాత శిశువులను కాపాడే పద్ధతిని పరీక్షించారు. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్‌లో ప్రచురించారు. వీళ్లెవరి దగ్గరా ఖరీదైన యంత్రాలు లేవు. పుస్తకం, పెన్ను, ఓపిక ఉన్నాయి.

ప్రశ్నను పట్టుకోవడం

రెండు వారాల పాటు తెల్లకోటు జేబులో చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. ఓపీలో “ఇలా ఎందుకు?” అనిపించిన ప్రతిసారీ ఒక ముక్క రాసుకోండి. షుగరు ఉన్నవాళ్లలో ఎంతమంది పాదాలను మనం నిజంగా చూస్తున్నాం? జలుబుకు యాంటీబయాటిక్ అడిగేది రోగా, రాసేది మనమా? రెండు వారాలు గడిచాక ఆ పేజీలు తిరగేస్తే ఏదో ఒక ప్రశ్న నాలుగైదుసార్లు కనిపిస్తుంది. దాన్నే తీసుకోండి.

ఇప్పుడు దాన్ని చెక్కాలి. “బీపీ అదుపుపై అధ్యయనం” అన్నది ప్రశ్న కాదు, శీర్షిక మాత్రమే. “మా ఓపీకి వచ్చేవారిలో, కనీసం ఆరు నెలలుగా బీపీ మాత్రలు వాడుతున్న 30 ఏళ్లు దాటినవారిలో, ఎంత శాతం మందికి బీపీ 140/90 కన్నా తక్కువగా ఉంది?” అన్నది ప్రశ్న. ఎవరిని, ఎక్కడ, ఏమి కొలుస్తున్నామో అందులోనే ఉంది. పోల్చి చూసుకోవడానికి ఆధారం కూడా దొరుకుతుంది. బీపీ అదుపు కోసం 2017లో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ తొలి విడత రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఆ కార్యక్రమం మీద ప్రచురితమైన వ్యాసాలు వైద్య వ్యాసాల ఆన్‌లైన్ భాండాగారం పబ్‌మెడ్‌లో ఉచితంగానే చదువుకోవచ్చు.

ప్రశ్న ఖాయం చేసేముందు మీ రొటేషన్ పట్టిక తీయండి. ఫ్యామిలీ మెడిసిన్ రెసిడెంటు మెడిసిన్, సర్జరీ, గైనిక్, పిల్లల విభాగం అంటూ తిరుగుతూ ఉంటారు. మిగతా బ్రాంచీలవాళ్లకు లేని ఇబ్బంది ఇది. ఒకే వార్డులో ఏడాది పాటు కేసులు తీసుకోవాల్సిన అంశాన్ని నెత్తికెత్తుకుంటే, మీరు లేబర్ రూములో ఉన్నప్పుడు మీ కేసులు మెడిసిన్ ఓపీలో వెళ్లిపోతుంటాయి. రెండు మూడు నెలల్లో ముగిసేదో, ఏ విభాగంలో ఉన్నా కొనసాగించగలిగేదో ఎంచుకోవడం మేలు.

ఎంతమంది కావాలి?

ఇక్కడే చాలామంది చేతులెత్తేసి స్టాటిస్టీషియన్ దగ్గరికి పరుగెడతారు. శాతం కనుక్కునే సాదా అధ్యయనానికి సూత్రం నోటికి వచ్చేంత చిన్నది: 4 ను p తోనూ q తోనూ గుణించి, d వర్గంతో భాగించాలి. p అంటే పాత అధ్యయనాల్లో కనిపించిన శాతం, q అంటే వందలోంచి p తీసేస్తే మిగిలేది, d అంటే మీరు ఒప్పుకునే తేడా. బీపీ అదుపులో ఉన్నవారు 40 శాతం అనుకుందాం, అటూ ఇటూ 6 శాతం తేడా పర్వాలేదు అనుకుందాం. 4 × 40 × 60 అంటే 9600. దాన్ని 36తో భాగిస్తే సుమారు 267. మధ్యలో మానేసేవాళ్ల కోసం పది శాతం ఎక్కువ వేసుకుంటే దాదాపు 300. రోజుకు అయిదుగురు అర్హులు దొరికితే 60 ఓపీ రోజులు పడుతుంది. ఈ చివరి లెక్క ఏ పాఠ్యపుస్తకంలోనూ గట్టిగా చెప్పరు గానీ, థీసిస్‌ను బతికించేది అదే. అరవై రోజులు మీ రొటేషన్‌లో లేకపోతే ప్రశ్న మార్చండి, లెక్కను కాదు. d ను 10కి పెంచి అంకె తగ్గించుకోవడం పరీక్షకుల కంట్లో వెంటనే పడుతుంది.

పరిశోధన పద్ధతుల పునాది లేదనిపిస్తే చెన్నైలోని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ నడిపే బయోమెడికల్ రీసెర్చ్ ప్రాథమిక కోర్సు ఉంది. ఆన్‌లైన్ పాఠాలు, చివర్లో పరీక్ష. ఎండీ, ఎంఎస్ విద్యార్థులకు నేషనల్ మెడికల్ కమిషన్ దీన్ని తప్పనిసరి చేసింది. మీకు తప్పనిసరి అయినా కాకపోయినా చేయదగినదే. ప్రోటోకాల్ రాశాక కాదు, రాసేముందు.

ఎథిక్స్ కమిటీ, సమ్మతి పత్రం

పరిశోధనలో పాల్గొనేవారికి అన్యాయం జరగకుండా చూసేది ఎథిక్స్ కమిటీ. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం అందులో డాక్టర్లే కాక న్యాయం తెలిసినవారు, సామాజిక శాస్త్రవేత్త, ఒక మామూలు పౌరుడు కూడా ఉంటారు. అధ్యక్షుడు బయటి సంస్థవాడై ఉండాలి. కమిటీ నెలల తరబడి కూర్చోకపోవచ్చు కాబట్టి తేదీ ముందే కనుక్కోండి. మీ ఆసుపత్రికి సొంత కమిటీ లేకపోతే ఒప్పందం మీద మరో సంస్థ కమిటీ ద్వారా అనుమతి తీసుకోవచ్చు. అనుమతి కాగితం చేతికి రాకముందు ఒక్క పేషెంటు వివరాలు కూడా రాయకూడదు. మందుగానీ మరే చికిత్సగానీ పరీక్షిస్తున్నట్లయితే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు కూడా మొదటి పేషెంటు చేరకముందే జరగాలి. 2018 ఏప్రిల్ నుంచి తర్వాత నమోదు చేస్తామంటే ఒప్పుకోవడం లేదు. నమోదు ఉచితం.

సమ్మతి పత్రం తెలుగులో ఉంటే సరిపోదు, వినగానే తెలియాలి. రాసినదాన్ని వార్డు ఆయమ్మకు చదివి వినిపించండి. ఆవిడ “అంటే ఏమిటి సారూ?” అన్న ప్రతి వాక్యం కింద గీత పెట్టి మళ్లీ రాయండి. చదవలేనివారికి సాక్షి ఎదుట చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. ఆ సాక్షి మీ టీములో మనిషి కాకూడదు.

కొలిచే చోట జాగ్రత్త

థీసిస్ నిలిచేదీ కూలేదీ ఇక్కడే. ఏ ఓపీ రిజిస్టరైనా తీసి బీపీ గడి మీద వేలు పెట్టి కిందికి చూసుకుంటూ వెళ్లండి: 120/80, 130/80, 140/90, 130/90, 110/70. అన్నీ సున్నాతో ముగుస్తాయి. నిజమైన మనుషుల బీపీ అలా వరుస కట్టి సున్నా దగ్గర ఆగదు. రద్దీలో అంచనాగా రాసిన అంకెలవి. పాత రిజిస్టరు మీద ఆధారపడి “ఇంతమందికి అదుపులో ఉంది” అని రాస్తే, మీరు కొలిచింది రోగుల బీపీని కాదు, రాసినవారి అలవాటును. 140 దగ్గర గీత గీసుకున్న అధ్యయనంలో 138ని 140గా రాస్తే ఒక మనిషి అటు గట్టు నుంచి ఇటు గట్టుకు మారిపోయినట్టే.

కాబట్టి మీరే కొలవండి. అయిదు నిమిషాలు కూర్చోబెట్టాలి. పాదాలు నేలకు ఆనాలి, వీపుకు ఆసరా ఉండాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. పట్టీ భుజానికి సరిపోవాలి. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ లేనిపోనిది ఎక్కువ చూపిస్తుంది. కొలుస్తున్నప్పుడు మాట్లాడించకూడదు. ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూసి, సగటు తీసుకుంటారో, రెండోది తీసుకుంటారో ముందే ప్రోటోకాల్‌లో రాసుకుని దాని ప్రకారమే లెక్కించాలి. డిజిటల్ యంత్రమైతే సున్నాల బెడద పోతుంది.

ప్రశ్నలు అడగడంలోనూ అంతే. “మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?” అని డాక్టరు అడిగితే, “వేసుకుంటున్నానండి” తప్ప వేరే జవాబు రాదు. “పొలం పనుల్లో, ఊరెళ్లినప్పుడు ఒక్కోసారి మాత్ర తప్పుతూ ఉంటుంది కదండీ, పోయిన వారంలో ఎన్ని రోజులు కుదరలేదు?” అని అడిగి చూడండి. “మాత్రలు అయిపోయి మూడు రోజులైందండి, కొనలేదు” అని అంటారు. అది అసలు సమాచారం. ఈ తేడా అసలు అధ్యయనంలో కాకుండా ముందే తెలియడానికి, పది పదిహేను మందితో ఫారాన్ని ఒకసారి పరీక్షించుకోవాలి.

వివరాలు నింపడానికి కోబో టూల్‌బాక్స్, ఎపికలెక్ట్ వంటి ఉచిత ఆప్‌లు ఫోనులోనే పనిచేస్తాయి. పేరు, ఫోను నంబరు ఒక చోట, వైద్య వివరాలు మరో చోట, రెండింటినీ కలిపేది ఒక కోడు మాత్రమే. పేషెంట్ల వివరాల ఎక్సెల్ షీటును వాట్సాప్ గ్రూపులో పెట్టడం మన దగ్గర మామూలైపోయింది, అది మానాలి.

లెక్కలు, రాత

300 మందిలో 120 మందికి బీపీ అదుపులో ఉందని తేలిందనుకుందాం. 40 శాతం అని రాసి ఆగకండి. 95 శాతం విశ్వసనీయతతో అసలు విలువ సుమారు 34 నుంచి 46 మధ్య ఉండవచ్చని రాయండి. ఓపెన్‌ఎపీ వెబ్‌సైటు ఇది క్షణంలో చెబుతుంది. కనిపించిన ప్రతి రెండు గడులనూ కలిపి పీ విలువ (తేడా కేవలం యాదృచ్ఛికమా అని చూసే అంకె) చూస్తూ పోతే ఇరవైలో ఒకటి ఊరికే “ప్రాముఖ్యం” చూపిస్తుంది. ఏవి పోల్చాలో డేటా చూడకముందే నిర్ణయించుకోండి. రాసేటప్పుడు పరిశీలనాత్మక అధ్యయనాలకు 22 అంశాల స్ట్రోబ్ జాబితా పక్కన పెట్టుకుంటే సమీక్షకులు అడిగే సగం ప్రశ్నలకు ముందే జవాబు ఉంటుంది. రిఫరెన్సులు అమర్చుకోవడానికి జొటెరో అనే సాఫ్ట్‌వేర్ ఉచితం.

రచయితల పేర్ల వరస మొదటి నెలలోనే గైడుతో మాట్లాడుకోవాలి. పని చేసినవారి పేరు ఉండాలి, చేయనివారి పేరు ఉండకూడదు అనేదే అంతర్జాతీయ వైద్య పత్రికల సంపాదకుల నియమం. చెప్పడం తేలికే, విభాగాధిపతి ఎదుట ఈ మాట అనడం కష్టమే. అందుకే మొదట్లో, మర్యాదగా, ఈమెయిల్‌లో.

బయటికి తీసుకురావడం

థీసిస్ అలమారాలో చేరితే ఎవరికీ ఉపయోగం లేదు. 2010లో ఏర్పడిన అకాడమీ ఆఫ్ ఫ్యామిలీ ఫిజీషియన్స్ ఆఫ్ ఇండియా 2012 నుంచి జర్నల్ ఆఫ్ ఫ్యామిలీ మెడిసిన్ అండ్ ప్రైమరీ కేర్ నడుపుతోంది. మీ తరహా ప్రశ్నలకు సహజమైన చోటు అది. ఏ పత్రికకైనా పంపేముందు ప్రచురణ రుసుము ఎంతో, పబ్‌మెడ్‌లో దొరుకుతుందో లేదో మీరే వెతికి చూడండి. “వారం రోజుల్లో ప్రచురిస్తాం డాక్టరుగారూ” అంటూ వచ్చే ఈమెయిల్‌ను తెరవకుండానే తీసేయవచ్చు.

వ్యాసం అయ్యేలోగా పోస్టరు వేయండి. ప్రపంచ కుటుంబ వైద్యుల సంస్థ వోంకాకు దక్షిణాసియా యువ వైద్యుల విభాగం ఉంది, పేరు స్పైస్ రూట్. రెసిడెంట్లకు పరిచయాలు, వేరే దేశాల ఫ్యామిలీ డాక్టర్లతో కలిసి పనిచేసే దారులు అక్కడ దొరుకుతాయి. పీజీ థీసిస్‌లకు ఐసీఎంఆర్ ఆర్థిక సాయం కూడా ఉంది. ప్రకటన వెలువడే సమయం, అర్హతలు వాళ్ల వెబ్‌సైటులో చూసుకోవాలి.

ఇంగ్లండ్‌లో జీపీ (అక్కడి ఫ్యామిలీ డాక్టరు) శిక్షణకు వెళ్లే తెలుగు డాక్టర్లకు మరో దారి ఉంది. అక్కడి ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌ఆర్ ఇచ్చే అకడమిక్ క్లినికల్ ఫెలోషిప్ తీసుకుంటే మామూలు మూడేళ్ల జీపీ శిక్షణ నాలుగేళ్లవుతుంది, అందులో నాలుగో వంతు సమయం పరిశోధనకే కేటాయిస్తారు. ఆ ఇంటర్వ్యూలో మీ థీసిస్ గురించి అడుగుతారు. “ప్రశ్న ఎలా వచ్చింది? మళ్లీ చేస్తే ఏమి మారుస్తారు?” అన్నవాటికి సొంత జవాబు ఉండాలి. పేరు మార్చి రాసిన థీసిస్‌తో ఆ జవాబు చెప్పడం కుదరదు.

ఇంకొకటి: ఫలితాలను మీ ఓపీ నర్సులకు, ఫార్మసిస్టుకు, మెడికల్ సూపరింటెండెంటుకు ఒక్క పేజీలో తెలుగులో రాసి ఇవ్వండి. మూడు రోజులు మాత్రలు లేక ఆగిపోయినవారు ఎంతమందో తేలితే, నెలకు సరిపడా ఒకేసారి ఇవ్వాలా వద్దా అని నిర్ణయించాల్సింది వాళ్లే.