చిన్నపిల్లలకు చరిత్ర: ముందు ఏ కాలం చెప్పాలి?

ఇంట్లోనే చదువు చెప్పుకొనే అమ్మానాన్నలు చాలామంది చరిత్రను ఆదిమానవుడితోనో హరప్పాతోనో మొదలుపెడతారు. పదేళ్లు దాటిన పిల్లలకైతే ఆ వరుస బాగానే ఉంటుంది. ఆరేళ్ల పిల్లకు మాత్రం వెయ్యేళ్లన్నా ఐదు వేల ఏళ్లన్నా ఒకటే. విజయవాడ, గుంటూరు వైపు ఉండేవాళ్లు శాతవాహనులతో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

ముందు ఒక తాడు తీసుకుని జానెడుకో ముడి వేయండి. జానెడంటే వందేళ్లు. అమ్మమ్మ పుట్టిన ఏడాది, ప్రకాశం బ్యారేజీ పూర్తయిన 1957 రెండూ మొదటి ముడి లోపలే ఉంటాయి. కొండవీటి రెడ్డిరాజులు ఏడో జానెడులో, ఉండవల్లి గుహలు పదహారో జానెడు దగ్గర, అమరావతి శిల్పాలు ఇంచుమించు ఇరవై దగ్గర. తాడు గోడకి వేలాడదీస్తే చాలు, తేదీలు బట్టీ పట్టించొద్దు.

తర్వాత ఒక్కో కాలాన్నీ మూడు ప్రశ్నలతో జల్లించండి. పొద్దున వెళ్లి సాయంత్రానికి చూసి రాగలమా? అందులో మామూలు మనుషులు కనిపిస్తారా? చేత్తో చేసుకోవడానికి ఏమైనా ఉందా? హరప్పా మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. స్వాతంత్ర్యోద్యమంలో పింగళి వెంకయ్య 1921లో బెజవాడలోనే గాంధీజీకి జెండా నమూనా ఇచ్చిన కథ ఒక పూటకు బాగుంటుంది. కానీ చట్టాలు, పన్నులు, జైళ్లు అర్థమయ్యే వయసు కాదు కాబట్టి మిగతాది తర్వాత చూసుకోవచ్చు.

శాతవాహనుల కాలం మూడింటికీ నిలుస్తుంది. అమరావతి శిల్పాల్లో నలగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి పలక ఫొటో చూపించండి. ఒకే పలకలో ఒకే ఏనుగు రెండుసార్లు ఉంటుంది: ఒకవైపు వీధిలో జనాన్ని తొక్కేస్తూ, మరోవైపు బుద్ధుడి ముందు మోకరిల్లుతూ. మేడ మీది కిటికీల్లోంచి జనం తొంగి చూస్తుంటారు. రెండో ఏనుగును పిల్లలనే కనిపెట్టనివ్వండి, మీరు నోరు మెదపకండి. అసలు పలక చెన్నై మ్యూజియంలో ఉంది. అమరావతి శిల్పాలు చాలావరకు చెన్నైకి, లండన్‌కి చేరాయని వెళ్లేముందే చెప్పాలి. లేదంటే స్తూపం దిబ్బ చూసి ‘ఇంతేనా’ అంటారు. అమరావతి మ్యూజియానికి సాధారణంగా శుక్రవారం సెలవు.

ఇంటికొచ్చాక నాణేలు చేయించండి. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉండేది. చపాతీ పిండి బిళ్ల మీద పుల్లతో గీస్తే సరి. ఆ ఓడ ఎక్కడికి వెళ్లేదని వాళ్లే అడుగుతారు. అప్పుడు సముద్ర వ్యాపారం గురించి చెప్పండి. గౌతమీపుత్రుడి యుద్ధాలకు తొందరేమీ లేదు.

‘తర్వాత ఎవరొచ్చారు?’ అని అడగడం మొదలుపెట్టాక ఉండవల్లికి, ఆ తర్వాత కొండవీటికి తీసుకెళ్లండి. కొండవీడు కోట మాత్రం ఎండాకాలంలో పెట్టుకోకండి, డిసెంబరులో పొద్దున్నే అయితే హాయి.