హెరాల్డ్ కంటే ముందు అయస్కాంతం కొనండి

1955 నాటి మెర్సిడెస్ కూపే ఒకటి 2022లో 135 మిలియన్ యూరోలకు అమ్ముడుపోయిందని మా మేనల్లుడు ఎక్కడో చదివాడు. అప్పటినుంచి ఒకటే పోరు. "స్థలాల కంటే ఇదే నయం మామయ్యా, మనమూ ఒక పాత స్పోర్ట్స్ కారు కొని పెట్టుకుందాం" అంటాడు. అలాంటివి లోకంలో చేసినవే రెండు అన్న ముక్క మాత్రం వాడి చెవికెక్కలేదు.

నేను మెకానిక్‌ను కాను. విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లుగా విడిభాగాల దుకాణాలకు లెక్కలు రాస్తున్నాను. 2015లో గుంటూరు బ్రాడీపేటలో ఒక పెద్దాయన షెడ్డులో, గోనెపట్టాల కింద, స్టాండర్డ్ హెరాల్డ్ అనే పాత కారు కనిపించింది. బేరమాడి 1,60,000కు తెచ్చుకుని, అలవాటు కొద్దీ దాని పేరున ఒక ఖాతా పుస్తకం తెరిచాను. మేనల్లుడికి ముందుగా ఆ పుస్తకమే చూపించాను.

చాసిస్ (బండి అడుగు చట్రం) వెల్డింగు, ఫ్లోరు రేకులు 85,000. ఇంజను పని 60,000. టింకరింగు, పెయింటు 1,10,000. సీట్లు, రబ్బర్లు, అద్దాలు 45,000. ఇన్సూరెన్సు, టైర్లు, బ్యాటరీ, చిల్లర మరమ్మతులు ఏటా సుమారు 15,000 చొప్పున పదేళ్లకు లక్షన్నర. కొన్న ధరతో కలిపి మొత్తం 6,10,000. నిరుడు ఒకాయన ఏడు లక్షలిస్తానన్నాడు. అంటే పదేళ్లకు మిగిలేది 90,000. ఆ మొదటి 1,60,000 ఒక్కటే ఏడు శాతం చక్రవడ్డీకి బ్యాంకులో వేసి మరిచిపోయినా అంతకంటే ఎక్కువ వచ్చేది.

కాబట్టి పెట్టుబడి అనుకునేవారు చవకగా దొరికిందని తుక్కు కొని బాగుచేయించవద్దు. ఆ ఖర్చంతా ఇదివరకే భరించినవాడి దగ్గర, బాగున్న బండిని, కాస్త ఎక్కువ పెట్టి అయినా కొనండి. ఏడు లక్షలకు అడిగినాయన నాకంటే తెలివైనవాడు. అప్పుడే ఎందుకు అమ్మలేదని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూ ఉంటుంది.

ఏ బండి కొనాలి? విదేశాల నుంచి తెప్పించుకునే నిబంధనను 2025లో సడలించారు. 1950కి ముందువి మాత్రమే అన్న పాత షరతు పోయి, తయారై యాభై ఏళ్లు దాటినవి తెచ్చుకోవచ్చన్నారు. కానీ సుంకాలూ పన్నులూ కలిపితే బండి ధరనే మింగేస్తాయి. ఇక్కడి రోడ్ల మీద తిరిగిన వాటిలోనే వెతుక్కోవడం మేలు. గోవాలో తయారైన శాన్ స్టార్మ్ రెండు సీట్ల అసలైన స్పోర్ట్స్ కారు. రెనో ఇంజను, ఫైబర్ బాడీ. తుప్పు భయం తక్కువే కానీ, బంపరో తలుపో పగిలితే మరొకటి దొరకడం కష్టం. హెరాల్డ్ 1961 నుంచి 1971 వరకు మద్రాసులో తయారైంది. దాని రూపం గీసింది ఇటలీకి చెందిన మికెలోట్టి. ఇంగ్లండులో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును ఈ హెరాల్డ్ చాసిస్‌నే పొట్టిచేసి కట్టారు. ఆ చుట్టరికం పుణ్యమా అని సస్పెన్షను బుష్‌లు, గాస్కెట్లు ఇప్పటికీ అక్కడినుంచి తెప్పించుకోవచ్చు. ఆటోనగర్‌లో లేత్ పట్టే మేస్త్రీలు మిగతావి పుట్టించగలరు.

బండి కంటే ముందు కాగితాలు చూడండి. నేను ఇక్కడే దెబ్బతిన్నాను. నాకు అమ్మినది పెద్దాయన, ఆర్సీ మాత్రం ఎప్పుడో పోయిన వాళ్ల నాన్నగారి పేరున ఉంది. ముగ్గురు వారసుల సంతకాలు కావలసివచ్చాయి. వారిలో ఒకరు దుబాయిలో. బండి నా పేరుకు మారేసరికి ఎనిమిది నెలలు పట్టింది. ఆర్సీ ఎవరి పేరున ఉందో వారి చేతికే బయానా ఇవ్వండి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది అచ్చు తీసుకోండి, ఇంజను నంబరు కూడా. రెండూ ఆర్సీతో అక్షరం పొల్లు పోకుండా కలవాలి. విడిభాగాలు దొరకని రోజుల్లో చాలా హెరాల్డ్‌లకు వేరే ఇంజన్లు దించారు. అవి హాయిగానే నడుస్తాయి, సేకరణకు మాత్రం పనికిరావు.

2021లో వచ్చిన వింటేజ్ (పాతకాలపు బండ్ల) రిజిస్ట్రేషన్ నిబంధన కూడా ఈ సంగతే చెబుతుంది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజను మార్పులకు గురికాకుండా అసలు రూపంలో ఉన్న బండికే అది వర్తిస్తుంది. కొత్తగా చేయించుకుంటే రుసుము 20,000, గడువు పదేళ్లు. ఇదివరకే రిజిస్టరైన బండికి పాత మూడక్షరాల నంబరు అలాగే ఉంచుకోవచ్చు. అయితే రోజువారీగా తిప్పకూడదు. ర్యాలీలకు, ప్రదర్శనలకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే బయటకు తీయాలి. ఆదివారం కుటుంబంతో ప్రకాశం బ్యారేజీ మీదుగా తిరగాలనుకుంటే మామూలు ఆర్సీనే ఐదేళ్లకోసారి పొడిగించుకోండి. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఆ పొడిగింపు రుసుమును 2025లో 10,000 చేశారు.

ఇక బండి దగ్గరకు వెళదాం. ఒక అయస్కాంతానికి మెత్తని గుడ్డ చుట్టి జేబులో వేసుకోండి. తలుపుల కింది అంచులు, చక్రాల పైకమానులు, డిక్కీ అడుగు వెంబడి మెల్లగా జరపండి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, తుప్పు కనబడకుండా లప్పం పూసినచోట జారిపోతుంది. నేను మెరుపు చూసి మోసపోయాను. ఎడమ తలుపు కింద టింకరింగు మేస్త్రీ స్క్రూడ్రైవర్‌తో గీరితే పిడికెడు లప్పం రాలింది. దాని వెనక ఉండలు చుట్టి కుక్కిన వార్తాపత్రిక, అందులో పొగాకు వేలం ధరలు ఇంకా చదవగలిగేలా ఉన్నాయి.

హెరాల్డ్‌కు చాసిస్ విడిగా ఉంటుంది, బాడీని దాని మీద బిగిస్తారు. బానెట్ చక్రాల మీది రెక్కలతో సహా ముందుకు ఒరుగుతుంది, ముందుభాగమంతా నిలబడే చూడవచ్చు. చూడవలసింది మాత్రం కింద. బండిని ర్యాంపు ఎక్కించి, నడిమి చాసిస్ నుంచి పక్కలకు చాచిన ఇనుప చేతులను స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి. మెత్తగా దిగిందంటే బేరం అక్కడితో ఆపండి. అమ్మేవాడు "పైపై తుప్పే సార్" అంటాడు. నాకూ అదే చెప్పారు, దాని ధర 85,000.

విజయవాడలో కొనేవారికి మరో భయం, 2024 సెప్టెంబరు బుడమేరు వరద. సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. తివాచీ ఎత్తి సీటు బోల్టులు చూడండి, హెడ్‌లైటు గిన్నె ఊడదీయించి లోపల వేలితో తుడవండి. సన్నటి బూడిదరంగు ఒండ్రు అంటిందంటే మిగతా కథ వినక్కర్లేదు.

ఇంజనును మీరు వెళ్లకముందే వేడిచేసి ఉంచవద్దని ఫోనులోనే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. చల్లటి ఇంజను ఎలా అందుకుంటుంది, ఎంతసేపు నీలిపొగ వదులుతుంది, గేరు వదిలేస్తుందా అన్నవి అప్పుడే తెలుస్తాయి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది తేమను పీలుస్తుంది, పాతకాలపు రబ్బరును పాడుచేస్తుంది. పైపులు, పెట్రోలు పంపు డయాఫ్రం (లోపలి రబ్బరు పొర) మార్చారా అని అడగండి. మార్చకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించండి.

ఇన్సూరెన్సులో ఐదేళ్లు దాటిన బండి విలువను కంపెనీ, మీరు కలిసి ఒప్పుకున్నదే రాస్తారు. అందుకే ఫొటోలు, బిల్లులు ఫైలు చేసుకోండి. మళ్లీ అమ్మేటప్పుడు కూడా ఆ ఫైలే ధర పలికిస్తుంది.

చివరి వాయిదా ఇచ్చేముందు జాకీ, రెండో తాళంచెవి, అసలు హబ్ క్యాపులు, మాన్యువల్ పుస్తకం అడిగి తీసుకోండి. డబ్బు చేతికి అందాక అటక ఎక్కి వెతికే ఓపిక ఎవరికీ ఉండదు. నా బండి రెండో తాళంచెవి బ్రాడీపేటలో ఏ డబ్బాలోనో ఇంకా ఉండే ఉంటుంది.