మిర్చి సీజన్ రాకముందే పికప్‌కు ఇంటికాడ సర్వీసు

మాది నర్సంపేట దిక్కు ఊరు. బండి బొలెరో పికప్. సంక్రాంతి దాటిందంటే మిర్చి మొదలైతది, ఇగ ఏప్రిల్ దాకా రాత్రి లేదు పగలు లేదు. కల్లాల కాడ బస్తాలెక్కించుడు, వరంగల్ ఎనుమాముల మార్కెట్ గేటు కాడ లైన్ల నిలబడుడు. ఆ మూడు నెలలల్ల బండి ఒక్కరోజు షెడ్డుల పడ్డదంటే రైతు ఇంకో బండికి ఫోన్ చేస్తడు, మల్ల మనకు దొరకడు. అందుకే పండుగ ముందటి ఆదివారం నేను పెండ్లికి పిలిచినా పోను. ఇంటి ముంగట యాపచెట్టు కింద బండి పెట్టుకొని కూసుంట.

పోయినేడు మా బామ్మర్ది సెకండ్ హ్యాండ్ పికప్ కొన్నడు. నెల తిరగకముందే ఫోన్: “బావా, ట్యూనింగ్ చేపిద్దామనుకుంటున్న, ప్లగ్గులు ఏ కంపెనీవి మంచిగుంటయి?” డీజిల్ బండికి ప్లగ్గులేందిరా అని నవ్విన గని, ఆని తప్పేం లేదు. మోటర్ సైకిల్ మీద పెరిగిన పోరనికి ట్యూనింగ్ అంటే ప్లగ్గు, కార్బొరేటరే. డీజిల్ ఇంజిన్ల నిప్పురవ్వ ఉండదు. సిలిండర్ల గాలిని గట్టిగ ఒత్తితె అది 500 డిగ్రీలు దాటి కాగుతది, ఆ గాలిల డీజిల్ చిమ్మితె దానంతటదే అంటుకుంటది. చలికాలం పొద్దుగాల సాయం చేసే హీటర్ ప్లగ్గులు వేరే సంగతి. కాబట్టి మన బండికి ట్యూనింగ్ అంటే గాలి, డీజిల్, ఆయిలు, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లగ ఉంచే ద్రవం), ఈ నాలుగింటిల దుమ్ము, చెత్త, వద్దన్నకాడ నీళ్ళు లేకుండ చూసుకునుడే. ఆనికి ఆ ఆదివారం చూపించిందే ఇక్కడ రాస్తున్న.

పానా పట్టకముందు పొద్దుగాల చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి ఎనుకకు పోయి పొగ చూడాలె. మొదలు జరంత తెల్లగ వచ్చి పోతె ఫికరు లేదు. ఇంజిన్ వేడెక్కినంక గూడ తెల్లపొగ ఆగకుంటె డీజిల్ సరిగ కాలుతలేదన్నట్టు, లేకుంటె కూలెంట్ లోపలికి పోతుందన్నట్టు. నల్లపొగ అంటె గాలి చాలుతలేదు, లేదా డీజిల్ ఎక్కువ పడుతుంది. నీలం రంగు కొట్టిందంటె ఆయిలు కాలుతుంది, అది ఇంటికాడ అయ్యే పని కాదు. నల్లపొగకు మాత్రం మెకానిక్ దగ్గరికి ఉరుకకముందు ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి.

2024 ఫిబ్రవరిల మేడారం జాతరకు బెల్లం లోడు కొట్టిన. పస్రా దాటి తాడ్వాయి దిక్కు, ముంగట బండి లైటు గూడ కనవడనంత దుమ్ము. జాతర అయినంక బండి గుట్టెక్కకపాయె, నల్లపొగ. డీజిల్ పంపు పోయిందేమోనని గుండె జారింది. ఫిల్టర్ డబ్బా మూత తీస్తె లోపట పిడికెడు ఎర్రమన్ను ఉన్నది. జాతరల బెల్లాన్ని బంగారమే అంటరు, అమ్మవారి బంగారం మోసినందుకు ఆమె ఇచ్చిన కానుక అనుకున్న.

ఫిల్టర్ తీసేటప్పుడు డబ్బాల మన్ను ఇంజిన్ దిక్కు పైపులకు పడకుండ ముందుగాల తడి గుడ్డతోని తుడవాలె. కాగితం ఫిల్టర్‌ను నీళ్ళల్ల ముంచొద్దు, డీజిల్‌తోని కడుగొద్దు. పెయింటు బ్రష్షుతోని దులిపి, టైరు పంక్చర్ షాపుల గాలి కొట్టిస్తె లోపల్నుంచి బయటికి, దూరంనుంచి మెల్లగ కొట్టించాలె. బయటినుంచి కొడితె దుమ్ము కాగితంల ఇంకా లోపటికి పోతది, మీదికెల్లి కాగితం చినుగుతది. అయినంక లోపల టార్చి పెట్టి చీకట్ల చూడండి. వెలుతురు అంతట ఒక్కతీరుగ మసకగ రావాలె. సూదంత చుక్క తెల్లగ మెరిసిందా, ఆ ఫిల్టర్ పారేసి కొత్తది వెయ్యాలె. ఆ చుక్కలకెల్లి పోయిన మన్ను టర్బో (ఇంజిన్‌లకు గాలిని గట్టిగ నెట్టే పంకా) రెక్కలకు తాకుతది, పిస్టన్ రింగులను గీకుతది. ఇంకోటి, ఫిల్టర్ దాటినంక ఉండే రబ్బరు పైపు లోపల వేలు పెట్టి రుద్దండి. వేలికి మన్ను అంటితె ఫిల్టర్ మంచిగున్నా లాభం లేదు, క్లిప్పు కాడ లూజున్నట్టు.

ఇగ డీజిల్. ఇది నాకు ఇష్టమైన పని. ట్యాంకు సగం ఖాళీగ ఉన్న రాత్రిళ్ళు లోపటి గాలిల తేమ చెమటలెక్క పట్టి నీళ్ళయితది. డ్రమ్ములకెల్లి పోసుకున్న డీజిల్ అయితె చెప్పనే వద్దు. నీళ్ళు బరువు కాబట్టి డీజిల్ ఫిల్టర్ అడుగుకు చేరుతయి. అక్కడ ఒక చిన్న మర ఉంటది. ఇంజిన్ బందు చేసి, కింద గాజు సీసా పెట్టి, ఆ మరను చేత్తోనే ఒకటి రెండు చుట్లు వదులు చెయ్యాలె. బొట్టుబొట్టుగ వస్తది. మర బిగించి సీసాను ఐదు నిమిషాలు గోడ మీద పెట్టి ఎండకు చూడండి. బామ్మర్ది బండిదైతె పైన లేత పసుపు డీజిల్, అడుగున వేలెడెత్తు నీళ్ళు, నడుమ సన్నటి గీత. గీత మీద నల్లటి నలకలు. సీసా కదిపితె నీళ్ళు ముత్యాలలెక్క విడిపోయి మల్ల ఒక్కటైనయి. “ఇదంతా నా ఇంజిన్ల పోతుండెనా బావా” అని ఆడు అట్లనే చూసుకుంట నిలవడ్డడు. సీసాల అంతా డీజిలే వచ్చేదాక తీయాలె. డ్యాష్‌బోర్డు మీద నీళ్ళ లైటు ఉండే బండ్లు ఉన్నయి గని, లైటు వెలిగేదాక ఎందుకు ఆగుడు? వానకాలం నెలకోసారి, మిగతప్పుడు రెండు నెలలకోసారి నేను తీస్త.

ఫిల్టరే మార్చినప్పుడు లోపల గాలి చేరుతది, సెల్ఫ్ ఎంత కొట్టినా స్టార్ట్ కాదు. ఫిల్టర్ పక్కన చేతి పంపు ఉంటది, అది గట్టిపడేదాక ఒత్తుకుంట పోవాలె. పాత బండ్లల్ల ఇంజెక్టర్ (సిలిండర్ల డీజిల్ చిమ్మేది) నట్టు వదులు చేసి గాలి తీస్తుండిరి. ఇప్పటి కామన్ రైల్ బండ్లల్ల (ఒకే పైపులకెల్లి ఇంజెక్టర్లన్నిటికి డీజిల్ పోయేటియి) ఆ పని అస్సలు చెయ్యొద్దు. ఆ పైపులల్ల డీజిల్ 1000 బార్‌లు దాటిన ఒత్తిడి (మన చుట్టున్న గాలి ఒత్తిడికి దగ్గరదగ్గర వెయ్యి రెట్లు) మీద ఉంటది, సన్నటి ధార చర్మంలకు దూసుకపోతది. పైకి చిన్న గాయం లెక్క కనవడ్డా లోపల కండ చచ్చిపోతది, అప్పటికప్పుడు దవాఖానకు పోవాలె.

ఆయిల్ మార్చుడు అందరికి తెలిసిన పనే అనుకుంటరు. నేనూ అట్లనే అనుకున్న, చెప్త వినుండ్రి. ముందుగాల ఇంజిన్ ఐదు పది నిమిషాలు నడిపి బందు పెట్టాలె. గోరువెచ్చటి ఆయిలు మురికిని పట్టుకొని కిందికి దిగుతది. మరీ మండే వేడి మీద విప్పితె చెయ్యి కాలుతది. పికప్ ఎత్తు మీద ఉంటది కాబట్టి జాకీ అక్కర రాదు. ఒకవేళ లేపాల్సి వస్తె ఉత్త జాకీ మీద నమ్మి కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టాలె. చదును జాగల పెట్టి, గేరుల వేసి, హ్యాండ్ బ్రేకు గుంజి, టైర్లకు రాళ్ళు పెట్టుకోవాలె. ఆయిలు దించే కింది బోల్టుకు సరిపోయే రింగు పానానే వాడాలె, ఫిక్స్ పానా జారితె బోల్టు మూలలు అరుగుతయి. ఒకసారి ఒక షెడ్డుల ఎంత బిగించిండ్రంటె పానాకు పైపు తొడిగి ఇప్పాల్సి వచ్చింది, మరలు సగం ఊడొచ్చినయి. బోల్టు కింది వాషర్ కొత్తది వెయ్యాలె. పది ఇరవై రూపాయలకు పిసినారితనం చెయ్యొద్దు.

పాత ఆయిల్ ఫిల్టర్ తీసినంక దాని రబ్బరు రింగు దానికే అంటుకొని వచ్చిందా లేదా చూడాలె. ఒకేడు నేను చూడలె. పాత రింగు ఇంజిన్‌కే అతుక్కొని ఉన్నది, దాని మీద కొత్త ఫిల్టర్ బిగించిన. స్టార్ట్ చేసి రేసు ఇచ్చేవరకు రెండు రింగుల నడుమకెల్లి ఆయిలు ఉప్పొంగింది. వాకిలంత నల్లటి చెరువు. నా ఇంటామె మూడు రోజులు మాట్లాడలె, బూడిద, పొట్టు పోసి ఊడ్చుడు మాత్రం నాతోనే చేయించింది. గందుకే ఇప్పుడు జాగ మీద గుడ్డతోని తుడిచి, వేలితోని చుట్టూ తడిమినంకనే కొత్తది పెడ్త. కొత్త ఫిల్టర్ రింగుకు ఆయిలు రాసి, చేత్తో తిప్పి, రింగు తాకినంక ఇంకో ముప్పావు చుట్టు, అంతే. ఫిల్టర్ పానా ఇప్పటానికే, బిగించటానికి కాదు.

ఏ ఆయిలు, ఎన్ని లీటర్లు అన్నది బండితోని ఇచ్చిన పుస్తకంల చూడాలె. ముసలి డీజిల్ బండ్లకు 15డబ్ల్యూ-40 (ఆయిలు చిక్కదనం గ్రేడు) మామూలుగ నడుస్తది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 (పొగ కాలుష్యం తగ్గించే రూలు) బండ్లల్ల పొగ గొట్టానికి మసి పట్టే ఫిల్టర్ ఉన్నదైతె తక్కువ బూడిద వచ్చే ఆయిలే పొయ్యాలె, లేకుంటె ఆ ఫిల్టర్ మూసుకపోతది. అది మారుద్దామంటె మీ రెండు నెలల కిరాయిలు పోతయి. చెప్పిన దానికన్న అర లీటరు తక్కువ పోసి, ఒక్క నిమిషం ఇంజిన్ నడిపి, బందు పెట్టి, పది నిమిషాలు ఆగి ఆయిలు మట్టం కొలిచే కడ్డీ చూడాలె. రెండు గీతల నడుమ, పై గీతకు దగ్గర ఉండాలె. మీద మీద పోస్తె మంచిదనుకునేటోళ్ళున్నరు. పై గీత దాటితె నురుగు కడ్తది, సీళ్ళు కారుతయి. ఇంకో మాట, కొత్త ఆయిలు వారంల నల్లవడ్డదని కలవరపడొద్దు, డీజిల్ మసి కలిసి నల్లవడుడే దాని గుణం. పాలలెక్క తెల్లగైతె మాత్రం నీళ్ళు కలిసినట్టు. పొయ్యకుండనే మట్టం పెరుగుతుందంటె డీజిల్ దిగుతుందన్నట్టు. ఈ రెండిట్ల ఏది కనవడ్డా బండి నడుపొద్దు.

పాత ఆయిలు మోరిల పొయ్యొద్దు. మా బాపు ఎన్కట బండి చక్రాలకు, తలుపు చెక్కలకు రాస్తుండె, చేతులకు పుండ్లయి ఊకున్నడు. నేను డబ్బాల పట్టి పాత ఆయిలు కొనేటోళ్ళకు ఇస్త.

రేడియేటర్ సంగతి మా దిక్కోళ్ళు ఎక్కువ పట్టించుకోవాలె. పత్తి సీజన్ల మోసిన లోడు దూది అంతా జాలీకి పట్టుకుంటది, దాని మీద మిర్చి దుమ్ము, ఆయిలు తేమ కలిసి కంబళి లెక్క అయితది. ఎండకాలం ఓరుగల్లుల 42, 43 డిగ్రీల మీద లోడు గుంజేటప్పుడు ఇంజిన్‌కు ఊపిరాడది. పైపుతోని నీళ్ళు మెల్లగ, ఇంజిన్ దిక్కుకెల్లి బయటికి కొట్టాలె. ప్రెషర్ పెడితె రేకులు వంగుతయి. రేడియేటర్ మూత మాత్రం ఇంజిన్ చల్లారినంకనే తియ్యాలె. లోపలికి బోరు నీళ్ళు పొయ్యొద్దు, మా ఊరి బోరు నీళ్ళతోని చాయ్ గిన్నెకే తెల్లటి పొక్కు కడ్తది. కూలెంట్, బ్యాటరీ షాపుల దొరికే డిస్టిల్డ్ నీళ్ళు సగం సగం.

బెల్టును నడుమ బొటనవేలితోని ఒత్తితె అర ఇంచు దాక దిగితె చాలు, పగుళ్ళు కనవడితె మార్చాలె. బ్యాటరీ టెర్మినల్స్ మీద పచ్చటి బూజు ఉంటె వేడినీళ్ళల్ల తినే సోడా కలిపి కడిగి, తుడిచి, వ్యాజ్‌లిన్ రాయాలె. మైనస్ ముందు ఇప్పాలె, ఎనుక బిగించాలె.

ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు, టాపెట్ సెట్టింగు (వాల్వుల కాడి సందు సరిచేసుడు), వీటి జోలికి నేను పోను. టాపెట్ గేజీతోని కొలిచి, మిల్లీమీటరుల పదోవంతుకు పెట్టే పని అది. చెవితోని విని “సరిపోయింది” అనేటోని చేతిల గూడ పెట్టొద్దు, గేజీ ఉన్నోని దగ్గరికే పోవాలె.

అంతా అయినంక డోరు లోపలి దిక్కు టేపు అతికించి కిలోమీటర్లు, తారీఖు రాస్త. ఖాళీ బండిని నర్సంపేట రోడ్డు మీద పది కిలోమీటర్లు తిప్పి తెచ్చి, ఒక్క నిమిషం ఊరికే నడవనిచ్చి బందు పెడ్త, టర్బో చల్లారాలె గద. రాత్రి ఇంజిన్ కింద పాత పేపర్లు పరిచి నాలుగు రాళ్ళు పెడ్త. ఆ సోమవారం పొద్దుగాల బామ్మర్ది నాకన్న ముందు లేచి టార్చి పట్టుకొని కిందికి దూరిండు. పేపర్ మీద రెండు యాపాకులు తప్ప ఏం లేవు. పదకొండు గంటలకు దుగ్గొండి నుంచి ఫోన్ వచ్చింది, నలభై బస్తాలు.