డొమైన్ పేరు మీద గొడవ వస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలి

డొమైన్ (అంటే వెబ్‌సైట్ అడ్రస్) చేజారగానే చాలామంది పోలీస్ స్టేషన్‌కి పరిగెత్తుతారు, లేదంటే ప్రపంచమంతటి డొమైన్ పేర్ల వ్యవస్థని చూసుకునే ఐకాన్‌కి మెయిల్ పెడతారు. ‘ఇది మా పరిధిలోది కాదు’ అన్న జవాబు వచ్చేసరికి నెల గడిచిపోతుంది. ఈలోగా ఆ డొమైన్ ఇంకో రిజిస్ట్రార్‌కి (డొమైన్లు అమ్మి నమోదు చేసే కంపెనీకి) మారిపోవచ్చు, గడువు తీరి వేలానికి పోవచ్చు. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మీ గొడవ దేని మీద? మీ పేరునే ఇంకొకరు రిజిస్టర్ చేసుకున్నారా, మీ డొమైనే వేరే వాళ్ల ఖాతాలో ఇరుక్కుందా, రిజిస్ట్రార్ మీ పని చేయడం లేదా, లేక ఆ సైట్ పెట్టి జనం దగ్గర డబ్బు గుంజుతున్నారా? నాలుగింటికీ దారులు వేరు.

మొదటి రోజు చేయాల్సినవి

ఐకాన్ లుకప్ పేజీలో డొమైన్ పేరు కొట్టండి. డాట్ ఇన్ అయితే, వాటిని చూసుకునే నిక్సీ వాళ్ల హూఈజ్‌లో (డొమైన్ వివరాలు చూపే పేజీలో) చూడండి. యజమాని పేరు చాలావరకు దాచి ఉంటుంది, కంగారు పడొద్దు. మీకు కావాల్సింది రిజిస్ట్రార్ పేరు, రిజిస్టర్ అయిన తేదీ, గడువు తేదీ, దుర్వినియోగం మీద ఫిర్యాదుకిచ్చిన ఈమెయిల్, స్టేటస్ వరసలు. స్టేటస్‌లో ‘క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్’ అని ఉంటే అది మామూలు తాళమే. ‘రిడెంప్షన్ పీరియడ్’ అని ఉంటే మాత్రం గడువు తీరి తొలగింపు దారిలో ఉందని అర్థం, ఇక తీరిక లేదు. డాట్ కామ్‌కి ఆ దశ 30 రోజులు. అప్పటిదాకా ఖాతా ఎవరిదో వాళ్లే అదనపు రుసుము కట్టి వెనక్కి తెచ్చుకోగలరు. తర్వాత ‘పెండింగ్ డిలీట్’ 5 రోజులు, అప్పుడిక ఎవరూ ఏమీ చేయలేరు.

అదే రోజు సాక్ష్యం కూడగట్టండి. అడ్రస్ బార్, తేదీ, సమయం కనబడేలా ప్రతి పేజీ స్క్రీన్‌షాట్, హూఈజ్ ప్రింటు, పాత వెబ్ పేజీలు దాచి ఉంచే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో పాత కాపీ, డొమైన్ కొన్నప్పటి బిల్లు, రిజిస్ట్రార్ పంపిన మెయిళ్లు. ఇవన్నీ చేతికొచ్చాకే ఎదుటివాళ్లకి నోటీసు. నోటీసు అందిన గంటలో సైట్ ఖాళీ చేసేవాళ్లున్నారు. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యం నిలబడాలంటే భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. అందులో రెండు భాగాలు: ఒకటి మీరు ఇచ్చేది, రెండోది నిపుణుడు ఇచ్చేది. అందుకే ఒరిజినల్ ఫైళ్లు ఫోన్లోంచి, కంప్యూటర్లోంచి చెరిపేయకండి.

సైట్ చేసిపెట్టినవాళ్లే డొమైన్ పట్టుకుంటే

మన ఊళ్లలో ఎక్కువగా కనబడే గొడవ ఇదే. తిరుపతిలో ఒక లాడ్జికో, శ్రీకాళహస్తిలో ఒక కలంకారీ కొట్టుకో సైట్ చేసిచ్చిన డెవలపర్ డొమైన్‌ని తన ఖాతాలో, తన ఈమెయిల్‌తో కొంటాడు. నాలుగేళ్ల తర్వాత మాట తేడా వస్తే పాస్‌వర్డ్ ఇవ్వడు. డబ్బు మీరే కట్టి ఉండొచ్చు. కానీ రిజిస్ట్రార్ దృష్టిలో యజమాని అంటే రికార్డులో పేరున్న మనిషి. బిల్లు చూపించినంత మాత్రాన రిజిస్ట్రార్ ఖాతా మార్చడు.

రికార్డులో యజమానిగా మీ పేరే ఉండి, ఈమెయిల్ మాత్రం అతనిదైతే పని సులువు. ఆధార్ లేదా పాన్, సంస్థ రిజిస్ట్రేషన్ పత్రం పంపి ఖాతా తిరిగి ఇవ్వమని రిజిస్ట్రార్‌నే అడగొచ్చు. పేరు కూడా అతనిదే అయితే ముందు రాతపూర్వకంగా అడగండి, తర్వాత లాయర్ నోటీసు, ఆ తర్వాత సివిల్ కోర్టు. కింద చెప్పబోయే ట్రేడ్‌మార్క్ పద్ధతి ఇలాంటి కేసులకి సరిగా అతకదు. భాగస్వాముల మధ్య, కాంట్రాక్టుల మీద వచ్చిన తగాదాలను కోర్టులోనే తేల్చుకోమని ఆ పద్ధతిలో విచారించే ప్యానెళ్లు తరచుగా తిప్పి పంపుతాయి. సొంత జీవనోపాధి కోసం చిన్న వ్యాపారం నడుపుకునేవాళ్లు సేవాలోపం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్లొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, డెవలపర్ బెంగళూరులో ఉన్నా సరే. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోండి, కొన్ని అక్కడే తెగిపోతాయి.

రిజిస్ట్రార్ మీద ఫిర్యాదు

డాట్ కామ్, డాట్ నెట్ వంటి వాటికి బదిలీ కోడ్ (వేరే రిజిస్ట్రార్‌కి మారడానికి కావాల్సిన రహస్య సంకేతం) అడిగిన 5 రోజుల్లో రిజిస్ట్రార్ ఇవ్వాలి, లేదా ఖాతాలోంచి మీరే తీసుకునే వీలుండాలి. గడువు ముగిసే ముందు సుమారు నెల ముందొకటి, వారం ముందొకటి చొప్పున హెచ్చరికలు పంపాలి. ఇవి జరగకపోతే ముందు రిజిస్ట్రార్‌కి రాసి, ఆ ఉత్తరప్రత్యుత్తరాలు జతచేసి ఐకాన్ కాంప్లయన్స్ ఫారం నింపండి. ఐకాన్ కోర్టు కాదు. రిజిస్ట్రార్‌తో తనకున్న ఒప్పందం అమలవుతోందా లేదా అన్నదే చూస్తుంది. డొమైన్ ఎవరిదో తేల్చదు, సైట్‌లో రాతల జోలికి పోదు. డాట్ ఇన్ మీద ఐకాన్‌కి రాసి ప్రయోజనం లేదు, అది నిక్సీ చూసుకునే వ్యవహారం. కొత్తగా కొన్న డొమైన్‌కి, ఈమధ్యే మారిన డొమైన్‌కి 60 రోజుల పాటు బదిలీ ఆపి ఉంచడం మామూలే, దాని మీద ఫిర్యాదు నిలవదు.

నకిలీ సైట్, డబ్బు మోసం

దర్శనం టికెట్లు, గదుల పేరుతో నకిలీ సైట్లు పుట్టుకొస్తూనే ఉన్నాయి. టీటీడీ అధికారిక సైట్ డాట్ ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్‌తో ముగుస్తుంది. డాట్ జీఓవీ డాట్ ఇన్ ప్రభుత్వ సంస్థలకి తప్ప బయటివాళ్లకి దొరకదు కాబట్టి అడ్రస్ చివర చూడటమే గట్టి పరీక్ష. మొదట్లో ‘టీటీడీ’ అని ఎన్నిసార్లు ఉన్నా లెక్కలోకి రాదు.

డబ్బు పోయి ఉంటే మిగతావన్నీ పక్కన పెట్టి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ట్రాన్సాక్షన్ నంబరు, బ్యాంకు పేరు, మొత్తం, సమయం చెప్పాలి. డబ్బు ఇంకో ఖాతాకి దాటకముందే ఆపగలిగితేనే లాభం, ప్రతి గంటా లెక్కే. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేసి, ఆ నంబరుతో దగ్గర్లోని స్టేషన్‌కి వెళ్లండి. ఐటీ చట్టం 66డి సెక్షన్ ఇలాంటి మారువేషపు మోసానికే: మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా.

దాంతోపాటే రిజిస్ట్రార్ దుర్వినియోగ ఈమెయిల్‌కి రాయండి. ఫిషింగ్‌కి (నకిలీ పేజీతో వివరాలు, డబ్బు కాజేయడానికి) ఆధారం చూపిస్తే అడ్డుకోవాలన్న నిబంధన 2024 ఏప్రిల్ 5 నుంచి ఐకాన్ ఒప్పందాల్లో చేరింది. ‘ఈ సైట్ మోసం’ అని ఒక్క ముక్క రాస్తే పక్కన పడేస్తారు. పూర్తి లింకు, స్క్రీన్‌షాట్, డబ్బు కట్టమన్న పేజీ, అసలు సైట్ లింకు పక్కపక్కనే పెట్టి పంపండి.

మీ పేరుని ఇంకొకరు రిజిస్టర్ చేసుకుంటే

ఇలాంటి తగాదాలు కోర్టు బయట తేల్చే పద్ధతులు రెండు: డాట్ కామ్ రకాలకి యూడీఆర్‌పీ, డాట్ ఇన్‌కి ఐఎన్‌డీఆర్‌పీ. యూడీఆర్‌పీ 1999 నుంచి ఉంది. ఐకాన్ ఆమోదించిన సంస్థల్లో ఒకదానికి ఫిర్యాదు చేయాలి, ఎక్కువమంది వెళ్లేది జెనీవాలోని వైపోకి (ప్రపంచ మేధో సంపత్తి సంస్థకి). అయిదు డొమైన్ల వరకు ఒకే ప్యానెలిస్టుతో (తీర్పు చెప్పేవాళ్లు ఒక్కరే అయితే) రుసుము 1,500 డాలర్లు, ముగ్గురు కావాలంటే 4,000. లాయర్ ఫీజు వేరే. మూడూ రుజువు చేయాలి: డొమైన్ మీ ట్రేడ్‌మార్క్‌లాగే ఉండి తికమక పెడుతుందని, అవతలివాళ్లకి ఆ పేరు మీద న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతో రిజిస్టర్ చేసి, దురుద్దేశంతోనే వాడుతున్నారని. ఒక్కటి తప్పినా ఓటమే. ఎదుటి పక్షానికి జవాబివ్వడానికి 20 రోజులు. గెలిస్తే డొమైన్ మీకు బదిలీ అవుతుంది లేదా రద్దవుతుంది, నష్టపరిహారం మాత్రం రాదు.

డాట్ ఇన్‌లో రెండు తేడాలు మీకు అనుకూలం. దురుద్దేశం రిజిస్ట్రేషన్‌లో గానీ వాడకంలో గానీ ఉంటే సరిపోతుంది. ట్రేడ్‌మార్క్ మాత్రమే కాక ‘పేరు’ మీద హక్కునీ అందులో చెప్పారు. నిక్సీ నియమించే ఒకే ఆర్బిట్రేటర్, 1996 ఆర్బిట్రేషన్ చట్టం కింద విచారిస్తారు. తీర్పుకి 60 రోజులు, అవసరమైతే మరో 30. ఫీజు ఎంతో నిక్సీ సైట్‌లో అప్పటికున్నది చూసుకుని కట్టండి. తీర్పు నచ్చనివాళ్లు అదే చట్టం 34వ సెక్షన్ కింద మూడు నెలల్లో కోర్టుకి వెళ్లొచ్చు.

ఎక్కువమంది ఓడేది మొదటి మెట్టు దగ్గరే, అంటే పేరు మీద మీ హక్కు చూపే దగ్గర. ‘పుత్తూరు కట్టు’ లాంటి పేరు ఊరినీ పనినీ కలిపి చెబుతుంది. అలాంటి పేరు నాదొక్కడిదే అని నిరూపించడం చాలా కష్టం. భౌగోళిక గుర్తింపుదీ అదే సంగతి: శ్రీకాళహస్తి కలంకారీకి జీఐ ఉంది, కానీ యూడీఆర్‌పీలో జీఐ ఒక్కటే ట్రేడ్‌మార్క్ కింద లెక్కకి రాదు. ట్రేడ్‌మార్క్ దరఖాస్తు పెట్టి ఊరుకున్నా చాలదు, రిజిస్ట్రేషన్ కావాలి. లేదంటే ఆ పేరు వినగానే జనానికి మీరే గుర్తొస్తారని ఏళ్ల తరబడి బిల్లులు, పత్రికల్లో ప్రకటనలు, అమ్మకాల లెక్కలతో చూపాలి. మన రాష్ట్రానికి ట్రేడ్‌మార్క్ కార్యాలయం చెన్నైలో ఉంది కానీ దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. వ్యక్తులకి, చిన్న సంస్థలకి ఒక్కో క్లాసుకి (సరుకు లేదా సేవ రకానికి) 4,500 రూపాయలు. డొమైన్ మీ వ్యాపారం మొదలుకాక ముందే రిజిస్టరై ఉంటే డాట్ కామ్ కేసు దాదాపు లేనట్టే, ఆ డబ్బు మిగుల్చుకోండి.

ఇంకో జాగ్రత్త. ‘ఎంతకిస్తారు?’ అని మీరే మెయిల్ పెట్టకండి. అడక్కుండానే వాళ్లు లక్షలు అడిగితే అది దురుద్దేశానికి సాక్ష్యం. మీరడిగాక చెప్పిన ధరకి ఆ బలం ఉండదు.

కోర్టు

డబ్బు నష్టం రాబట్టాలన్నా, రేపే ఆపించాలన్నా కోర్టే దిక్కు. మన దేశంలో డొమైన్లకంటూ ప్రత్యేక చట్టం లేదు. అయినా పేరు కాజేయడం (పాసింగ్ ఆఫ్) కింద డొమైన్‌కి కూడా రక్షణ ఉంటుందని 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ట్రేడ్‌మార్క్ రిజిస్టరై ఉంటే మీరు వ్యాపారం చేసే చోటే దావా వేసుకునే సౌకర్యం ఉంది. రిజిస్ట్రేషన్ లేకుండా వేసే దావాకి ఆ వెసులుబాటు ఉండదు, ప్రతివాది ఉన్నచోటికో నష్టం జరిగిన చోటికో పోవాలి. వాణిజ్య వివాదం విలువ మూడు లక్షలు, ఆపైన ఉంటే అత్యవసర ఉత్తర్వు అడగనప్పుడు ముందుగా మధ్యవర్తిత్వానికి వెళ్లాల్సిందే, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దాన్ని జరిపిస్తుంది. మధ్యవర్తిత్వం నడుస్తుండగా డొమైన్ చేతులు మారే భయముంటే, ఆ సంగతి వివరంగా రాసి తాత్కాలిక ఉత్తర్వు అడగమని మీ లాయర్‌కి మొదటే చెప్పండి.