ఎయిర్ కంప్రెసర్ కొనే ముందు: మీ పనికి ఏ రకం కావాలో ఎలా తేల్చుకోవాలి?

“ఎన్ని హెచ్‌పీ తీసుకుంటే సరిపోతుంది?” కంప్రెసర్ కొనడానికి వెళ్లినవారు మొదట అడిగే ప్రశ్న ఇదే. హెచ్‌పీ మోటారు బలాన్ని చెబుతుంది. మీకు కావలసింది గాలి. ఎంత గాలి కావాలి, ఎంత ఒత్తిడిలో కావాలి, రోజుకు ఎన్ని గంటలు కావాలి, ఎంత శుభ్రంగా ఉండాలి అనే నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికితే ఏ రకం కొనాలో దాదాపు తేలిపోయినట్టే.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, కంప్రెసర్‌కు అసలు ఖర్చు కొన్న తర్వాతే మొదలవుతుంది. 10 హెచ్‌పీ యంత్రం పూర్తి లోడుతో రోజుకు 8 గంటల చొప్పున ఏడాదికి 300 రోజులు నడిస్తే సుమారు 20,000 యూనిట్ల కరెంటు కాలుతుంది. యూనిట్ ఏడున్నర రూపాయలు అనుకున్నా లక్షన్నర రూపాయలు. రెండు మూడేళ్లు తిరిగేసరికి కరెంటు బిల్లు యంత్రం ధరను దాటిపోవడం మామూలే.

మొదటి అడుగు: గాలి లెక్క రాసుకోండి

గాలి పరిమాణాన్ని మన దగ్గర ఎక్కువగా సీఎఫ్‌ఎంలో చెబుతారు, అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగులు అని. ఒక సీఎఫ్‌ఎం నిమిషానికి 28.3 లీటర్లు. షెడ్డులో గాలితో నడిచే పనిముట్లన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కొక్కటి ఎంత గాలి తాగుతుందో దాని పుస్తకంలో ఉంటుంది. పక్కనే అది గంటలో ఎంతసేపు నడుస్తుందో కూడా రాయండి. చాలామంది వదిలేసేది ఈ రెండో అంకెనే.

ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డునే చూద్దాం. 20 సీఎఫ్‌ఎం గ్రైండర్లు రెండు ఉన్నాయి, అవి సగం సమయం నడుస్తాయి. సగటు 20. పెయింట్ కొట్టే స్ప్రే గన్ 12 సీఎఫ్‌ఎం, మూడోవంతు సమయం, అంటే 4. బోల్టులు బిగించే ఇంపాక్ట్ రెంచి, దుమ్ము ఊదే గన్ కలిపి మరో రెండున్నర. మొత్తం 26.5. లీకేజీకీ, రేపు పెరిగే పనికీ పాతిక శాతం కలిపితే 33 సీఎఫ్‌ఎం. అన్నీ ఒకేసారి నడిస్తే 50 దాటుతుంది కదా అని భయపడి పెద్ద యంత్రం కొనకండి. ఆ కొద్ది నిమిషాల అవసరాన్ని గాలి ట్యాంకు చూసుకుంటుంది.

కొటేషన్ చదివేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. పిస్టన్ కంప్రెసర్ల మీద చాలాసార్లు ‘పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంట్’ అనే అంకె రాసి ఉంటుంది. పిస్టన్ తుడిచిన ఖాళీ మాత్రమే అది, బయటికి వచ్చే గాలి కాదు. బయటికి వచ్చేదాన్ని ‘ఫ్రీ ఎయిర్ డెలివరీ’, పొట్టిగా ఎఫ్‌ఏడీ అంటారు. డిస్‌ప్లేస్‌మెంట్ 40 సీఎఫ్‌ఎం ఉన్న యంత్రం 30 ఇవ్వడం కూడా కష్టం కావచ్చు. కాబట్టి ఎఫ్‌ఏడీ ఎంతో, ఏ ఒత్తిడి దగ్గర ఎంతో రాతపూర్వకంగా అడగండి. 7 బార్ ఒత్తిడి దగ్గర ఒక హెచ్‌పీకి 4 సీఎఫ్‌ఎం అటూఇటూగా వస్తుందనేది చేతిలో ఉంచుకోవలసిన గుర్తు. అంతకంటే చాలా ఎక్కువ చెబితే ఆ అంకెను మళ్లీ అడిగి చూడండి.

రెండో అడుగు: ఒత్తిడి అవసరమైనంతే

షెడ్లలో ‘ఏడు కిలోల ప్రెషర్’ అంటే చదరపు సెంటీమీటరుకు ఏడు కిలోలని, సుమారు 7 బార్ లేదా 100 పీఎస్‌ఐ అని అర్థం. మామూలు చేతి పనిముట్లు చాలావరకు 90 పీఎస్‌ఐకి, అంటే 6.2 బార్‌కు చేసినవే. లారీ టైర్లకు గాలి పట్టే చోట ఇంకా ఎక్కువ కావాలి. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఊదే యంత్రాలకైతే 25 నుంచి 40 బార్ కావాలి, దానికి వేరే జాతి కంప్రెసర్.

‘ఎందుకైనా మంచిది’ అని ఒత్తిడి పెంచి పెట్టుకోవడం చాలా ఖరీదైన అలవాటు. ప్రతి అదనపు బార్‌కు కరెంటు ఆరేడు శాతం పెరుగుతుంది. పైగా లీకైన ప్రతిచోటా గాలి మరింత జోరుగా పోతుంది.

మూడో అడుగు: పిస్టనా, స్క్రూనా?

చిన్న, మధ్యతరహా యూనిట్ల ప్రశ్న నిజానికి ఈ రెండింటి మధ్యనే.

పిస్టన్ రకం సైకిలు పంపు లాంటిదే: సిలిండరులో పిస్టన్ గాలిని లాగుతుంది, నొక్కుతుంది, ట్యాంకులోకి తోస్తుంది. రెండు దశల యంత్రంలో గాలిని కొంత నొక్కి, మధ్యలో చల్లార్చి, మళ్లీ నొక్కుతారు. దానివల్ల ఎక్కువ ఒత్తిడి వస్తుంది, కరెంటూ కొంత మిగులుతుంది. ధర తక్కువ, ఊళ్లోని మెకానిక్ విప్పి బాగుచేయగలడు. అయితే దానికి విశ్రాంతి కావాలి. గంటలో అరవై, డెబ్బై శాతం సమయానికి మించి నడిపితే వాల్వు ప్లేట్లు, రింగులు త్వరగా అరుగుతాయి. పంక్చరు షాపు, గ్యారేజీ, అప్పుడప్పుడూ పెయింట్ కొట్టే చోటు పిస్టన్‌కు తగినవి.

స్క్రూ రకంలో మరమేకుల్లాంటి రెండు రోటర్లు ఒకదానిలో ఒకటి ఇమిడి తిరుగుతూ గాలిని ముందుకు నెట్టి నొక్కుతాయి. వాటి మధ్య చల్లే ఆయిలే సందులు మూస్తుంది, వేడిని లాగుతుంది, అరుగుదలను తగ్గిస్తుంది. ఈ రకాన్ని 1930లలో స్వీడన్‌లో ఆల్ఫ్ లిషోల్మ్ తీర్చిదిద్దాడు. ఇది రోజంతా ఆగకుండా నడవడానికే పుట్టిన యంత్రం, చప్పుడూ తక్కువ.

అలాగని స్క్రూ ఎప్పుడూ మేలని కాదు. రోజుకు గంట, రెండు గంటలు విడివిడిగా నడిపేవారు స్క్రూ కొంటే ఆయిల్ తగినంత వేడెక్కదు, గాలిలోని తేమ నీరై అందులో కలుస్తుంది, ఆయిల్ చిక్కబడి పాల రంగుకు తిరుగుతుంది, బేరింగులు పోతాయి. లక్షలు పెట్టి మంచి యంత్రం తెచ్చి, పని చాలక దాన్ని పాడుచేసుకోవడం నిజంగా బాధ కలిగించే విషయం.

మన షెడ్డు లెక్కకు వస్తే 10 హెచ్‌పీ పిస్టన్ యంత్రం 35 సీఎఫ్‌ఎం ఇచ్చిందనుకున్నా, 33 కావాలంటే దాదాపు ఆగకుండా తిరగాలి. అందుకే అక్కడ 10 హెచ్‌పీ స్క్రూ సరైనది. గాలి వాడకం ఉదయం ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉంటే మోటారు వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చే వీఎఫ్‌డీ ఉన్నది చూడండి. అది లేని స్క్రూ గాలి ఇవ్వకుండా ఖాళీగా తిరిగేటప్పుడు కూడా పూర్తి కరెంటులో పాతిక నుంచి నలభై శాతం తింటూనే ఉంటుంది.

మిగతా రకాలు క్లుప్తంగా. పళ్ల ఆసుపత్రుల్లో, ప్రయోగశాలల్లో వాడే స్క్రోల్ రకం చిన్నది, చప్పుడు లేనిది, ఆయిల్ లేకుండా నడుస్తుంది. ఉక్కు కర్మాగారాలు, ఎరువుల కర్మాగారాలు వాడే సెంట్రిఫ్యూగల్ రకం వేల సీఎఫ్‌ఎంలలో గాలినిస్తుంది, చిన్న యూనిట్ దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

కరెంటు అందని చోట డీజిల్‌తో నడిచే స్క్రూ కంప్రెసర్లు ఉంటాయి. చీమకుర్తి, కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లాంటి చోట రాతికి రంధ్రాలు వేసే జాక్‌హామర్ ఒక్కొక్కటి వంద సీఎఫ్‌ఎం అటూఇటూగా తాగుతుంది, ఒత్తిడి మాత్రం మామూలు ఆరేడు బార్లే. బోరు బండి సంగతి వేరు. నేలలోకి దిగిన సుత్తిని గాలే కొట్టాలి, రాతి పొడినీ నీళ్లనూ గాలే పైకి ఎత్తాలి. పది మీటర్ల ఎత్తున నిలిచిన నీళ్లను నెట్టాలంటే ఒక బార్ కావాలి. బోరులో 200 మీటర్ల నీళ్లు నిలిచి ఉంటే, ఆ బరువును కదిలించడానికే 20 బార్లు కావాలి. బోరు బండి వెనుక అంత పెద్ద కంప్రెసర్ ఎందుకు మోస్తారో ఇప్పుడు అర్థమవుతుంది.

నాలుగో అడుగు: గాలి ఎంత పొడిగా ఉండాలి?

విశాఖలాంటి సముద్రతీరంలో 32 డిగ్రీల ఉక్కపోత రోజున ఘనపు మీటరు గాలిలో సుమారు 25 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. 35 సీఎఫ్‌ఎం యంత్రం ఆ గాలిని నొక్కి చల్లార్చితే, ఎనిమిది గంటల్లో ఎనిమిది, తొమ్మిది లీటర్ల నీళ్లు ట్యాంకులో, పైపుల్లో చేరతాయి. డ్రెయిన్ వాల్వు రోజూ తెరవమని అంత గట్టిగా చెప్పేది ఇందుకే.

టైరుకు కొంత తేమ ఫరవాలేదు. రైసు మిల్లులో అలా కాదు. మిల్లులవారు సార్టెక్స్ అని పిలుచుకునే కలర్ సార్టర్, నల్ల గింజ కనబడగానే సన్నని గాలి దెబ్బతో దాన్ని పక్కకు కొడుతుంది. ఆ గాలి దెబ్బ కొట్టే ఎజెక్టర్లలోకి నీటి చుక్క, ఆయిల్ మరక వెళ్తే వాటికి తవుడు దుమ్ము అంటుకుని వాల్వులు బిగుసుకుపోతాయి. మంచి గింజ పోతుంది, నల్ల గింజ మిగులుతుంది. అక్కడ గాలిని చల్లార్చి తేమ తీసే రిఫ్రిజిరేటెడ్ డ్రయ్యర్, దానికి ముందూ వెనుకా ఫిల్టర్లు తప్పనిసరి. మందుల కంపెనీల్లో గాలి నేరుగా మందులనే తాకుతుంది కాబట్టి ఆయిల్ లేని కంప్రెసర్లనే వాడతారు. కొనేటప్పుడు ఐఎస్‌ఓ 8573-1 క్లాస్ 0 ధ్రువపత్రం, అంటే గాలి శుభ్రతలో అత్యంత కఠినమైన గ్రేడుకు తగినదని చెప్పే కాగితం, అడుగుతారు.

ఐదో అడుగు: చోటు, పైపులు

కంప్రెసర్‌ను బాయిలరు పక్కనో, గాలాడని రేకుల గదిలోనో పెట్టకండి. లోపలికి పీల్చే గాలి ప్రతి 4 డిగ్రీలు వేడెక్కినప్పుడల్లా కరెంటు సుమారు ఒక శాతం పెరుగుతుంది. మే నెలలో రేకుల కింద ఎంత వేడి ఉంటుందో మనకు తెలియనిది కాదు. నాలుగు వైపులా మనిషి తిరిగేంత చోటు ఉంచి, వేడిగాలి బయటికి పోయే దారి చేయండి.

పైపును డ్రెయిన్ వైపు కొద్దిగా వాలుగా వేయండి. పనిముట్లకు వెళ్లే కొమ్మలను మెయిన్ పైపు పైభాగం నుంచి తీయండి, నీళ్లు దిగకుండా ఉంటాయి. చవక అని పీవీసీ పైపు మాత్రం వేయవద్దు. గాలి ఒత్తిడికి అది పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి.

ట్యాంకు సేఫ్టీ వాల్వును ఎవరూ బిగించి కట్టకుండా చూడండి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం, 1948లోని 31వ సెక్షన్ ఒత్తిడి పాత్రల భద్రత గురించే ఉండేది. నిబంధనల ప్రకారం ట్యాంకును అర్హత ఉన్నవారితో తనిఖీ చేయించండి. బట్టల మీద దుమ్మును గాలి గన్‌తో దులుపుకోవడం చాలా షెడ్లలో ఉంది. చర్మంలోకి, కంట్లోకి, చెవిలోకి దూరిన ఆ గాలి ప్రాణం మీదికి తేగలదు. పనివారికి ఈ మాట మొదటి రోజే చెప్పండి.

ఆరో అడుగు: వచ్చిన యంత్రాన్ని పరీక్షించండి

ట్యాంకు ఖాళీ చేసి, బయటికి వెళ్లే వాల్వు మూసి, కంప్రెసర్ నడపండి. ఎంతసేపటికి నిండుతుందో గడియారం చూసి రాయండి. 500 లీటర్ల ట్యాంకు సున్నా నుంచి 7 బార్‌కు మూడున్నర నిమిషాల్లో చేరితే, 500ను 7తో గుణించి మూడున్నరతో భాగించాలి: నిమిషానికి 1,000 లీటర్లు, అంటే 35 సీఎఫ్‌ఎం. ట్యాంకులో గాలి వేడిగా ఉంటుంది కాబట్టి అసలు అంకె ఇంకాస్త తక్కువే. అయినా కొటేషన్‌లో రాసినదానికి ఎంత దగ్గరగా ఉందో తెలుస్తుంది.

ఇంకో పరీక్ష నెలకోసారి, పని ముగిశాక చేయాలి. పనిముట్లన్నీ ఆపి, కంప్రెసర్‌ను మాత్రం నడవనివ్వండి. అది ఎంతసేపు గాలి నింపుతోంది, ఎంతసేపు ఊరుకుంటోంది అని నాలుగైదు సార్లు చూడండి. ఒక నిమిషం నింపి నాలుగు నిమిషాలు ఊరుకుంటే, ఐదింట ఒకటి, అంటే యంత్రం శక్తిలో 20 శాతం లీకులకే పోతోంది. 7 బార్ దగ్గర 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటే సుమారు 3 కిలోవాట్లు వృథా చేస్తుంది. ఎనిమిది గంటల్లో 24 యూనిట్లు, రోజుకు 180 రూపాయలు. ఆ నిశ్శబ్దంలోనే సబ్బు నీళ్ల గిన్నె, బ్రష్షు పట్టుకుని కంప్రెసర్ నుంచి చివరి హోస్ దాకా నడవండి. జాయింట్లు, కప్లింగులు, క్లాంపులు ఒక్కొక్కటీ తడపండి. బుడగ లేచిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, మరునాడు పని మొదలుపెట్టేలోపే బిగించండి.