గొర్రెలు, మేకల్లో గిట్టకుళ్ళు: కుంటు ఎందుకు తగ్గడం లేదు, ఏం చేయాలి?

మందలో ఒక్క గొర్రె కుంటితే ముల్లు దిగిందేమో అనుకుంటాం. వారం తిరిగేసరికి నాలుగైదు కుంటుతున్నాయి, అందులో ఒకటి ముందు మోకాళ్ళ మీద వంగి మేస్తోంది అంటే ఇక ముల్లు మీద నెపం పెట్టకండి. డాక్టర్లు ఫుట్ రాట్ అనే గిట్టకుళ్ళు మందలోకి వచ్చి ఉండొచ్చు. ఇది బ్యాక్టీరియా వల్ల వచ్చే అంటురోగం. ప్రాణం తీయడం అరుదు. కానీ నొప్పితో జీవాలు మేత మానేస్తాయి, చిక్కిపోతాయి, తల్లులకు పాలు తగ్గుతాయి, పొట్టేళ్ళు ఆడ జీవాలతో జతకట్టలేవు.

ముందు కాలు ఎత్తి చూడండి

జీవాన్ని కూర్చోబెట్టి పట్టుకుని, గిట్టను నీళ్ళతో కడిగి, రెండు డెక్కలను వేళ్ళతో విడదీయండి. మధ్యలో చర్మం పొడిగా, పాలిపోయిన రంగులో, సన్నటి వెంట్రుకలతో ఉంటే బాగున్నట్టే. వెంట్రుకలు ఊడిపోయి, చర్మం ఎర్రగా చెమ్మగా మారి, పైన తెల్లటి జిగట పొర కనిపిస్తే అది తొలి దశ. అప్పటికి పెద్దగా వాసన ఉండదు. చాలామంది ఇక్కడే 'ఏం లేదులే' అని వదిలేస్తారు. నిజానికి తేలిగ్గా నయమయ్యేది ఈ దశలోనే.

తర్వాత మడమ వైపు, డెక్క లోపలి అంచున గిట్ట పొర చర్మం నుంచి విడిపోతుంది. ఆ సందులో బూడిద రంగు మెత్తటి పదార్థం ఉంటుంది. దాని కుళ్ళు వాసన ఒక్కసారి ముక్కుకు తగిలితే మళ్ళీ పొరపాటు పడరు. ముదిరితే అరికాలి గిట్ట మొత్తం ఊడి వేలాడుతుంది, ఈగలు వాలి పురుగులు పడతాయి. మేకల్లో గిట్ట ఇంతలా ఊడటం తక్కువ, పుండు ఎక్కువగా డెక్కల మధ్యే ఉంటుంది. అందుకే మేకల్లో జబ్బును తేలిగ్గా తీసుకునే ప్రమాదం ఎక్కువ.

కుంటు ఉన్నా గిట్టకుళ్ళు కాకపోవచ్చు

ఒకే కాలు, ఒకే డెక్క వేడిగా వాచి, గిట్ట పై అంచున చీము పగిలితే అది చీముగడ్డ. అది మందకు అంటదు. ఒక్కసారిగా చాలా జీవాలు జ్వరంతో కుంటుతూ, నోట్లో కూడా బొబ్బలు, పుండ్లు ఉంటే గాలికుంటును అనుమానించాలి. జ్వరంతో పాటు మూతి, పెదాలు వాచి, గిట్ట పై అంచు కందిపోతే నీలి నాలుక కావచ్చు. ఈ రెండూ వైరస్ రోగాలు. అనుమానం వచ్చిన వెంటనే మందను కదపకుండా పశువుల డాక్టర్‌ను పిలవండి.

అసలు కారణం ఎక్కడ దాక్కుంటుంది?

ఇందులో రెండు బ్యాక్టీరియాలు చేతులు కలుపుతాయి. మొదటిది ఫ్యూసోబ్యాక్టీరియం. ఇది పేడలో, దొడ్డి బురదలో ఎప్పుడూ ఉండేదే. తడికి నాని మెత్తబడిన చర్మాన్ని ఇది దెబ్బతీస్తుంది. ఆ దెబ్బ మీద డైకెలోబ్యాక్టర్ నోడోసస్ అనే రెండోది చేరి, తన ఎంజైములతో గిట్టను చర్మం నుంచి ఊడదీస్తుంది. గిట్టకుళ్ళుకు అసలు దోషి ఇదే. నేల తడిగా ఉండి, వాతావరణం 10 డిగ్రీల సెల్సియస్ దాటితే వేగంగా పాకుతుంది.

గుర్తుంచుకోవాల్సిన అసలు సంగతి: ఈ రెండో బ్యాక్టీరియా మామూలుగా నేల మీద రెండు వారాలకు మించి బతకదు. జీవం గిట్టలో మాత్రం నెలల తరబడి ఉంటుంది. కాబట్టి మన పోరాటం నేలతో కాదు, రోగం మోస్తున్న కాళ్ళతో.

చికిత్స

కుంటు కనిపించిన జీవాన్ని రెండు మూడు రోజుల్లోపే పట్టుకుని మంద నుంచి వేరు చేయండి. డాక్టర్ బరువు చూసి మోతాదు నిర్ణయించి, ఎక్కువ రోజులు పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇస్తారు. దాంతో పాటు గిట్ట కడిగి, తుడిచి, యాంటీబయాటిక్ స్ప్రే కొట్టాలి. ఆ తర్వాత కనీసం ఒక రోజు పొడి నేల మీదే ఉంచండి. మాంసం, పాలు ఎన్ని రోజులు వాడకూడదో డాక్టర్‌ను అడిగి రాసిపెట్టుకోండి.

కత్తి పట్టుకుని గిట్టను రక్తం వచ్చేదాకా చెక్కే పాత పద్ధతి దయచేసి మానేయండి. చెడు అంతా తీసేస్తే త్వరగా మానుతుందని నమ్మకం. జరిగేది దానికి పూర్తి వ్యతిరేకం: మానడం ఆలస్యమవుతుంది, జీవానికి నరకయాతన, గిట్ట వంకరగా పెరుగుతుంది, కత్తి ద్వారా రోగం పక్క కాలికి ఎక్కుతుంది. వేలాడుతున్న ముక్క ఉంటే అదీ పుండు మానాకే తీయండి. ప్రతి జీవానికీ కత్తిని క్రిములను చంపే మందు నీళ్ళలో ముంచండి, చెక్కిన ముక్కలు కాల్చేయండి.

తొలి దశలో ఉన్నవాటికి, ఇంకా సోకనివాటికి కాళ్ళ తొట్టి బాగా పనిచేస్తుంది. 100 లీటర్ల నీటికి 10 కిలోల జింక్ సల్ఫేట్ కలిపి, గిట్ట మొత్తం మునిగేలా 15 నిమిషాలు నిలబెట్టండి. ముందే కాళ్ళు కడగండి, మట్టి ఉంటే మందు లోపలికి వెళ్ళదు. తాగే నీళ్ళు కూడా ముందే పెట్టండి, దాహంతో ఉంటే తొట్టిలో నోరు పెడతాయి. బయటికి వచ్చాక గంట సేపు పొడిగా, గట్టిగా ఉన్న నేల మీద ఉంచాలి. ఫార్మలిన్ వాడేవాళ్ళు 5 శాతం దాటకూడదు. దాని ఆవిరి మనుషులకు హాని, పచ్చి పుండ్లకు విపరీతమైన మంట. గొర్రెలకు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) జోలికి పోకపోవడమే మంచిది, వాటి ఒంటికి రాగి త్వరగా విషమవుతుంది.

చికిత్స చేసినా తగ్గకపోతే

ముందు మోతాదు చూడండి, బరువును కంటితో అంచనా వేస్తే తరచూ మందు తక్కువ పడుతుంది. తర్వాత నేల: ఇంజెక్షన్ చేసి మళ్ళీ బురదలోకి తోలితే ఫలితం ఉండదు. రెండు మూడు సార్లు సరిగ్గా చికిత్స చేసినా మళ్ళీ మళ్ళీ కుంటే జీవాన్ని మందలో ఉంచకండి. కఠినమైన మాట అని తెలుసు, కానీ ఆ ఒక్క జీవం మొత్తం మందకు రోగం పంచుతూనే ఉంటుంది. దాని పిల్లలను కూడా పెంపకానికి ఉంచకపోవడం మేలు, ఈ రోగానికి లొంగే గుణం కొంతవరకు వంశంలో వస్తుంది.

అన్నీ నయమై, వానలకు మళ్ళీ మొదలైతే

ఒకసారి వచ్చిపోతే మళ్ళీ రాదనే భరోసా ఈ రోగానికి లేదు, ఒంట్లో రక్షణ నిలవదు. ఎండాకాలంలో కుంటు ఆగినా, ఏదో ఒక డెక్క పగుల్లో బ్యాక్టీరియా మిగిలే ఉంటుంది. నేల ఆరిన రోజుల్లోనే కుంటనివాటితో సహా ప్రతి జీవం నాలుగు కాళ్ళూ ఎత్తి చూసి, అనుమానం ఉన్నవాటిని పక్కకు తీయండి. మిగతావాటిని తొట్టి దాటించి, రెండు వారాలుగా ఏ జీవమూ తిరగని చోటికి తోలండి. టీకాలు కొన్ని దేశాల్లో ఉన్నాయి. ఈ బ్యాక్టీరియాలో రకాలు చాలా ఉండటం వల్ల, మన మందలో ఉన్న రకానికి టీకా సరిపోతేనే ఉపయోగం.

కొత్తగా కొన్న పొట్టేలైనా, కొద్దిరోజులకు అద్దెకు తెచ్చిందైనా నెల రోజులు విడిగా ఉంచండి. వచ్చిన రోజే కాళ్ళు చూసి తొట్టిలో నిలబెట్టండి, మందలో కలిపే ముందు మళ్ళీ చూడండి. ఆ నెలలో అది కుంటితే చికిత్స చేసి, నయమయ్యాక నెల లెక్క మొదటి నుంచి పెట్టుకోండి.